ఇరవై ఒకటో పేజీ కింద చుక్కలు

(హనుమకొండలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, నన్ను యాది పెట్టుకొని పిలిచిన మిత్రులకు, ముందు వరుసలో కూసున్న అమ్మలకు, వెనుక గోడకు ఆనుకొని నిలబడ్డ పిల్లలకు అందరికీ నమస్కారాలు. పిల్లలూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగ ఉన్నయి, ముందుకు రాండ్రి. మీతోనే నాకు ఎక్కువ పని ఉన్నది.

"సామాన్య పాఠకులు చదువవలసిన ఇటీవలి పుస్తకాలు" అని అంశం ఇచ్చి ఇరవై నిమిషాలు మాట్లాడుమన్నరు. పది పుస్తకాల పేర్లు రాసుకొని వచ్చిన, కాయితం జేబులో ఉన్నది. అది తీసే ముందు ఒక్కటి అడుగుత. జనవరి నుంచి ఇయ్యాల్టి దాక, పరీక్షల పుస్తకం కాకుండ, పిల్లల బడి పుస్తకం కాకుండ, పైసలు పెట్టి ఒక్క తెలుగు పుస్తకం కొన్నోళ్లు చేయి ఎత్తుండ్రి. ఎనిమిది, తొమ్మిది... అటు మూలకు ఇద్దరు. పదకొండు. సరే, దించుండ్రి. మిమ్ముల తప్పు పట్టనీకి అడగలే. హాలు నిండ మనుషులున్నరు, పుస్తకాల సభ అంటే పనులిడిచిపెట్టి వచ్చిన్రు. ఇంత మందిలో పదకొండే ఎందుకైతున్నది అన్నదే నా మాట.

మనది పుస్తకం విలువ తెలియని ఊరు కాదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ భాషా నిలయం పెడితే, మూడేండ్లు తిరగకముందే 1904లో ఈ హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం పెట్టుకున్నం. నిజాం కాలం అది. తెలుగు పుస్తకం దొరుకుడే గగనం. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, అచ్చేసిన పుస్తకాలు తానే మోసుకొని తిరిగి అమ్మిండు. అప్పుడు పుస్తకమే మనిషిని వెతుక్కుంట వచ్చింది. ఇప్పుడు మనిషే నడుసుకుంట లైబ్రరీ దాక పోతున్నడు. లోపల పుస్తకం ఉంటలేదు.

ఉంటలేదంటే బీరువాలు ఖాళీ అని కాదు. బీరువాల నిండ ఉన్నయి. ముప్పై, నలభై ఏండ్ల కింద వచ్చినయి ఉన్నయి. కొత్తయి లేవు.

నేను ముప్పై రెండేండ్లు శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరైన. ఏ ఊరు అన్నది చెప్పను, ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. ఒక దగ్గర పనిచేసినప్పుడు ఒక పెద్దమనిషి వచ్చేటోడు. వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసినోడు. నా ఈడోళ్లకు యాదికుంటది, మిల్లు సైరన్ మోగితే ఇండ్లల్లో గడియారం సరిచేసుకునేది. మిల్లు మూతపడినంక ఆయనకు పొద్దు పోవుడు కష్టమైంది. చిన్నప్పుడు బడికి పోలే. మిల్లులో చేరినంక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నడు. మేమందరం బాపు అనేది. నేను పొద్దుగాల ఎనిమిది గంటలకు తాళం తీసేసరికి మెట్ల మీద కూసోని ఉండేటోడు. పేపరు ముట్టేటోడు కాదు. సీదా నా బల్ల కాడికి వచ్చి, "సారూ, కొత్తయి ఏమన్న వచ్చినయా?" అని అడిగేటోడు.

లైబ్రరీల్లో రహస్య పేజీ అని ఒకటి ఉంటది. ముందటి పేజీల మీద ముద్ర వేస్తే, ఆ పేజీలు చింపి పుస్తకం తమదే అనొచ్చు. అందుకని లోపల ఒక పేజీ అనుకొని, ప్రతి పుస్తకంలో ఆ పేజీ అడుగున చిన్న ముద్ర వేస్తం. మాది 21. ఆ సంగతి మాకు తప్ప ఎవరికీ తెల్వదనుకున్న.

ఒక మార్చిలో స్టాకు లెక్క చూస్తున్న. రిజిస్టరు ముందర పెట్టుకొని ఒక్కొక్క పుస్తకం తీసి ముద్ర ఉన్నదా లేదా అని 21వ పేజీ తిప్పుతున్న. ముద్ర పక్కకు పెన్సిల్‌తో పెట్టిన చుక్క. ఇంకో పుస్తకం తీసిన, అందులో చుక్క. 894.827 నంబరు బీరువా, అంటే తెలుగు సాహిత్యం, వరుసకు వరుస అన్నిట్లో చుక్కలు. కొన్నిట్లో రెండు, కొన్నిట్లో మూడు. దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు"లో నాలుగు.

తెల్లారి బాపును అడిగిన. "చదివిన గుర్తు సారూ" అన్నడు. "అట్టలు చినిగితే మీరు బైండింగు చేపిస్తరు. అన్నీ ఒక్క తీరే కొడ్తయి. ఇంటికి తీస్కపోయి సగం చదివినంక, అరె, ఇది చదివిందే గదా అని తెలుస్తది. అందుకే చుక్క పెట్టుకుంటున్న."

"మరి రెండు చుక్కలేంది బాపూ?"

"రెండోపారి చదివిన."

"మూడు?"

ఆయన అద్దాలు తీసి తువ్వాలతో తుడుసుకున్నడు. "కొత్తయి వస్తలేవు గదా సారూ" అన్నడు. కోపంగ అనలే. వాన పడ్తలేదు అన్నట్టు అన్నడు.

ఆ రాత్రి కూసోని నలభై రెండు పుస్తకాల పేర్లు రాసిన. కథలు, నవలలు, సైన్సు, అనువాదాలు. రచయిత పేరు, ప్రచురణకర్త, ధర అన్నీ రాసి పైకి పంపిన. ఆరు నెలలు జవాబు లేదు. నేనే పోయి కలిసిన. ఆ అధికారి మంచి మాటనే మాట్లాడిండు. "ఇయ్యాల రేపు నవలలు ఎవరు అడుగుతున్నరు, రీడింగు హాలు నిండ గ్రూప్స్ పిల్లలే గదా" అన్నడు. తర్వాత ఒక పెట్టె వచ్చింది. బాపు ఆ దినం పొద్దంత కూసున్నడు, పెట్టె విప్పేదాక పోనన్నడు. విప్పినం. అందులో ఒకే గైడు పదిహేను కాపీలున్నయి. అదీ పాత సిలబసు. బాపు ఒకటి చేతిలోకి తీసుకొని 21వ పేజీ తిప్పి చూసి, మళ్ల పెట్టెలోనే పెట్టిండు.

గైడ్లు వద్దని అంటలేను. పిల్లలూ, మీరు ఇంటికాడి నుంచి సద్ది కట్టుకొని వచ్చి, లైబ్రరీ మెట్ల మీద తిని, రాత్రి లైట్లు తీసేదాక చదువుతరు. మీకు గైడ్లు రావాలె, కొత్త సిలబసువి రావాలె. కాని మీకు పెట్టాలంటే బాపు ముందటి విస్తరి గుంజుకోవాల్నా? ఇద్దరికీ సరిపోయే పైసలు ఉన్నయి. యాడున్నయో చెప్త వినుండ్రి.

మీ ఇంటి పన్ను రసీదు ఒకపారి తీసి చూడుండ్రి. గ్రంథాలయ సెస్సు అని ఉంటది. 1960 చట్టం ప్రకారం పన్ను రూపాయికి 8 పైసలు. మీ ఇంటి పన్ను మూడు వేలయితే 240 రూపాయలు మీరు లైబ్రరీకి కట్టినట్టు. అంటే ఒక్కొక్క ఇల్లు ఏటా ఒక్కొక్క కొత్త పుస్తకం కొనిపెట్టినట్టు. ఆ పైసలు వసూలు చేసిన స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలె. ఎన్నో చోట్ల ఏండ్లకేండ్లు బకాయి పడుతున్నయి. వార్డు మనుషులు కూడ ఈ హాల్లో కూసున్నరు, నాకు కనపడుతున్నరు. దండం పెట్టి అడుగుతున్న. మీ మీటింగులో నాలా మీద మాట్లాడుతరు, వీధి దీపం మీద మాట్లాడుతరు. మా సెస్సు ఎంత వసూలైంది, ఎంత కట్టిన్రు అని ఒక్కపారి అడుగుండ్రి.

చీటీ వచ్చింది, పది నిమిషాలే ఉన్నయట. పుస్తకాలకు వస్త. పది చెప్పను. బాపు ఇప్పుడు లేడు. ఉంటే ఆయన చేతిలో ఏ వరుసలో పెడుదునో ఆ వరుసలో చెప్త.

మొదలు మనోరంజన్ బ్యాపారి ఆత్మకథ పెడుదు. బెంగాలీ ఆయన, అణగారిన కులంలో పుట్టిండు, శరణార్థుల క్యాంపులో పెరిగిండు. బడి లేదు. జైల్లో పడ్డంక అక్షరాలు నేర్చుకున్నడు. బయటికొచ్చి కలకత్తాలో రిక్షా లాగుకుంట, సవారీ లేనప్పుడు చదివేటోడు. ఒక పుస్తకంలో "జిజీవిష" అన్న మాట తగిలింది. అర్థం తెల్వలే. రిక్షా ఎక్కిన ఒక టీచరమ్మను అడిగిండు. బతకాలన్న కోరిక అని ఆమె చెప్పి, నీ బతుకు గురించి నువ్వే రాయి, నా పత్రికలో వేస్త అన్నది. ఆ టీచరమ్మ పేరున్న బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి. ఈ ఆత్మకథ ఇంగ్లీషులోకి 2018లో వచ్చింది. మిల్లులో చేరినంక చదువు నేర్చుకున్న మనిషికి, జైల్లో చదువు నేర్చుకున్న మనిషి పుస్తకం అందియ్యలేకపోయిన. అది నాకు ఇప్పటికీ కడుపులో మంట.

రెండోది రమేశ్ కార్తీక్ నాయక్ "ఢావ్‌లో". గోర్ బంజారా, అంటే మన లంబాడోళ్ల కథలు. 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఈ పిలగాడు మన నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టినోడు, 1997లో. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన పుట్టనే లేదు. మహబూబాబాద్ తొవ్వ పట్టి పోతే ఎన్ని తండాలు! మన పక్కనే ఉన్నరు, అంగట్ల కలుస్తం, బస్సులో పక్కపొంటి కూసుంటం. వాళ్ల ఇంట్లో ఏం మాట్లాడుకుంటరో మనకు తెల్వదు. వాళ్ల భాషకు సొంత లిపి లేదు. అసుంటి భాషలోని బతుకు తెలుగు అక్షరంలోకి వస్తున్నది. దయచేసి మెల్లగ చదువుండ్రి. తెల్వని మాట వస్తే దాటేయకుండ్రి, పక్కింటి లంబాడి అవ్వను అడుగుండ్రి. బ్యాపారి అడిగినట్టు అడుగుండ్రి.

మూడోది ముందు వరుస అమ్మల కోసం. బాను ముష్తాక్ కథలు, "హార్ట్ ల్యాంప్". ఆమె కర్ణాటకలో హాసన్ ఊరి వకీలు. ముస్లిం ఆడవాళ్ల ఇండ్లల్లో ఏం జరుగుతదో ముప్పై ఏండ్ల పొంట కన్నడంలో రాసింది. అందులో పన్నెండు కథలను దీపా భాస్తి ఇంగ్లీషు చేసింది, 2025లో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది. కథల పుస్తకానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. సంతోషమే. కాని నాకు బాధైంది. హాసన్ మనకు ఎంత దూరం? కన్నడం మనకు పక్కిల్లు, లిపి కూడ అక్కచెల్లెండ్ల తీరు ఉంటది. ముప్పై ఏండ్లు పక్కింట్ల దీపం వెలుగుతుంటే, లండన్‌లో చూసి చెప్పేదాక మనలో ఎంత మందిమి చూసినం? అనువాదాలు చేసే ఓపిక ఉన్నోళ్లు ఈ సభలో ఉంటే, నా మాట గుర్తు పెట్టుకోండ్రి. తమిళం, కన్నడం, ఒరియా, మరాఠీ నేర్చుకోండ్రి.

నాలుగోది మన కాజీపేటది. సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో రాసిన "యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్". ఆమె మన ఆర్‌ఈసీలో, అంటే ఇప్పటి ఎన్‌ఐటీ ఇంజనీరింగు కాలేజీలో చదివింది, అమెరికా పోయి న్యూయార్క్ మెట్రో రైల్లో కండక్టరు పనిచేసింది. శివసాగర్ పేరుతో కవిత్వం రాసిన నక్సలైటు నాయకుడు సత్యమూర్తికి మేనకోడలు. ఆ మేనమామ కథ, తల్లి మంజుల కథ. నాకు ఈ పుస్తకం ఎందుకు నచ్చిందంటే, మేనమామను దేవుణ్ని చేయలే. ఉద్యమంలో పెద్ద మనిషి, ఇంట్లో ఎట్ల ఉన్నడు, పార్టీలో కులం ఎట్ల ఉన్నది, అన్నీ రాసింది. కొందరికి కోపం వస్తది. రానియ్యండ్రి, చదివి కోపం చేయుండ్రి. చదవకుండ చేసే కోపం నేను లైబ్రరీలో చానా చూసిన.

చరిత్ర ఇష్టమున్నోళ్లకు బండి నారాయణస్వామి నవల "శప్తభూమి". పద్దెనిమిదో శతాబ్దం రాయలసీమ, 2019లో అకాడెమీ అవార్డు. లావు పుస్తకం, తొందర పడకుండ్రి. పాట ఇష్టమున్నోళ్లకు గోరటి వెంకన్న "వల్లంకి తాళం". దాన్ని కండ్లతో చదవొద్దు, పైకి చదువుండ్రి. కథలు ఇష్టమున్నోళ్లకు పతంజలి శాస్త్రి "రామేశ్వరం కాకులు". గ్రూప్స్ పిల్లలకు టోనీ జోసెఫ్ "అర్లీ ఇండియన్స్", 2018ది. మనం ఎక్కడి నుంచి వచ్చినం అన్నదాన్ని పాత ఎముకల డీఎన్ఏ పట్టుకొని చెప్తడు. మార్కులకు పనికొస్తది, అంతకంటే ఎక్కువగ కులం గొప్ప చెప్పుకునే చుట్టాల నోరు మూయించనీకి పనికొస్తది. చిన్న పిల్లలకు హైదరాబాద్ మంచి పుస్తకం వాళ్ల బొమ్మల పుస్తకాలు. ధర తక్కువ, అక్షరం పెద్దది.

మళ్ల చీటీ. అయిపోయింది, ఒక్క నిమిషం.

నేను రిటైరైనంక పింఛన్ల కెల్లి నెలకొక పుస్తకం కొంటున్న. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ పని ఎందుకు చేయలే అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. గవర్నమెంటు పని గవర్నమెంటే చేయాలె అని పట్టుబట్టి కూసున్న. నా పట్టు నేను పట్టుకొని కూసుంటే, బాపు "చిల్లర దేవుళ్లు" నాలుగోపారి చదివిండు.

ఇప్పుడు చెప్పిన వాటిలో ఐదు ఈ బట్ట సంచిలో తెచ్చిన. ఇవి లైబ్రరీవి కావు, నావి. రిజిస్టరు లేదు, డిపాజిట్టు లేదు, పదిహేను దినాల గడువు లేదు. సంచి ఈ బల్ల మీద పెడుతున్న. తీసుకపోండ్రి, చదివినంక ఇంకొకరికి ఇయ్యండ్రి. పుస్తకాల మీద గీతలు గీసినోళ్లను ముప్పై రెండేండ్లు కోపం చేసిన మనిషిని నేను. ఈ ఐదింట్లో మాత్రం 21వ పేజీ కింద ఖాళీ ఉంచిన. పెన్సిలు సంచిలోనే ఉన్నది.