అప్ అండ్ డౌన్ చదువులు: బరంపురం విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం

సభాధ్యక్షులకు, వేదికమీది పెద్దలకు, ఆదివారం విశ్రాంతిని పక్కన పెట్టి వచ్చిన విద్యార్థినీ విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు నమస్కారం.

ఆంధ్రలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి రోజూ సరిహద్దు దాటి ఒడిశాలోని బరంపురం వచ్చి, అక్కడి నుంచి బరంపురం విశ్వవిద్యాలయం ఉన్న భంజవిహార్ చేరుకుని చదువుకునే పిల్లలు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఒడిశాలోనే ఉన్న చికిటి, పాత్రపురం ప్రాంతాల తెలుగు కుటుంబాల నుంచి వచ్చేవారున్నారు. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి పాతపట్నం దాటి ఆంధ్రలోని శ్రీకాకుళం, ఎచ్చెర్ల వైపు, అంటే ఎదురు దిక్కుకు వెళ్లేవారూ ఉన్నారు. ఎవరిని అడిగినా "అప్ అండ్ డౌన్ చేస్తున్నానండీ" అని ఒక్క మాటతో సరిపెడతారు. వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు అనుకున్నా ఆరు రోజులకు 24 గంటలవుతాయి. హాస్టల్లో ఉండే తోటి విద్యార్థికి వారమంటే ఏడు రోజులు, మీకు ఆరే. ఆ పోయిన రోజును ఎవరూ లెక్కలో వేయడం లేదు. ఇంట్లోవాళ్లు వేయరు, కాలేజీవాళ్లు వేయరు, చివరికి మీరు కూడా వేసుకోరు. అది చదువులో భాగంగానే లెక్కకు రావాలని చెప్పడానికి ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

నేనూ డిగ్రీ రోజుల్లో ఈ దారిలోనే తిరిగినవాణ్ని. తర్వాత అధ్యాపకుడిగా ఈ దారిలో వచ్చే పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ని. నాకు అర్థమైనంతవరకు మనిషిని అలసగొట్టే విషయంలో దూరం పాత్ర కొంతే, ఎదురుచూపు పాత్ర ఎక్కువ. కదులుతున్న బండిలో గడిచే గంట కంటే, బండి వస్తుందో రాదో తెలియక రోడ్డు పక్కన నిలబడ్డ ఇరవై నిమిషాలు ఒంటినీ మనసునూ ఎక్కువగా పిండేస్తాయి. రవాణా ప్రణాళికలు వేసేవారు సైతం నిరీక్షణలో గడిచే నిమిషాన్ని వాహనంలో కూర్చున్న నిమిషంతో సమానంగా చూడరు. దానికి ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో బరువు వేసి లెక్కగట్టడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. కాబట్టి దూరాన్ని మనం తగ్గించలేకపోయినా అనిశ్చితిని తగ్గించుకోగలం. ఈ రోజు నేను చెప్పే ప్రతి మాటా అక్కడికే వస్తుంది.

ఇచ్ఛాపురానికీ బరంపురానికీ మధ్య ఇంచుమించు పాతిక కిలోమీటర్లు. జాతీయ రహదారి మీద అడ్డంకి లేకపోతే గంటలోపు దారి. అయినా కవిటి దగ్గరి పల్లె నుంచి ఆరింటికే బయలుదేరిన అమ్మాయి పదింటి క్లాసుకు ఆయాసపడుతూ వస్తుంది. ఆమె ప్రయాణంలో దూరం తక్కువ, అతుకులు ఎక్కువ. ఊళ్లోంచి ఇచ్ఛాపురం చేరడానికి సర్వీసు ఆటో. అది నిండితే గాని కదలదు. ఇచ్ఛాపురంలో రైలుకో బస్సుకో ఎదురుచూడాలి. బరంపురంలో దిగాక, స్టేషన్‌కు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో గోపాల్‌పూర్ వైపున్న భంజవిహార్‌కు మరో బస్సు పట్టుకోవాలి. సోంపేట పిల్లలకు ఇంకో అతుకు అదనం, ఎందుకంటే సోంపేట పేరుతో ఉన్న రైల్వేస్టేషన్ ఉన్నది కంచిలిలో. ఏ ఎక్స్‌ప్రెస్‌కో దారి ఇవ్వడానికి ప్యాసింజరు బండిని సుర్లా రోడ్డులోనో గొలంత్రాలోనో పావుగంట ఆపేశారనుకోండి. ఆ పావుగంట పావుగంటగా మిగలదు. బరంపురంలో అందుకోవలసిన బస్సు వెళ్లిపోతుంది, తర్వాతి బస్సు దాకా ఆగాలి, మొదటి పీరియడు పోతుంది, హాజరు పడదు.

అందుచేత కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ నేనిచ్చే మొదటి సలహా ఇది. మొదటి రెండు వారాలు ఒక చిన్న పుస్తకంలో ఇంటి గడప దాటిన వేళ, ఆటో కదిలిన వేళ, రైలు వచ్చిన వేళ, బరంపురంలో దిగిన వేళ, తరగతి గదిలో అడుగుపెట్టిన వేళ రాసుకోండి. రెండు వారాలకే మీ దారిలో ఏ అతుకు ఎక్కువసార్లు తెగుతున్నదో తెలిసిపోతుంది. ఎక్కువమంది విషయంలో అది రైలు కాదు, ఇంటి దగ్గరి ఆటో. అదే అయితే ఊళ్లో నలుగురు కలిసి ఒక ఆటోవాలాతో నెలకింత అని మాట్లాడుకోవచ్చు, లేదా రోడ్డు దాకా సైకిలు మీద వచ్చి తెలిసినవారి దుకాణం దగ్గర పెట్టుకోవచ్చు. తెగే అతుకు బరంపురం వైపు అయితే, దానికి రెండో దారి ఏమిటో ముందే తెలిసి ఉండాలి. బస్సు తప్పిన తర్వాత వెతుక్కునే దారి ఎప్పుడూ ఆలస్యంగానే దొరుకుతుంది.

పర్లాకిమిడి పిల్లలకు ఇది మరీ ముఖ్యం. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది. 1931లో దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. ఆ నారోగేజీ బండి నెమ్మదిగా నడిచినా మన తాతల తరం తమ రోజును దాని వేళలకు అమర్చుకుంది. ఇప్పుడు అదే మార్గం బ్రాడ్‌గేజీ అయింది, బండి వేగం పెరిగింది, కానీ రోజులో నడిచే బండ్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్నే. అలాంటి మార్గంలో వెళ్లేవారు రైలు వేళతో పాటు, రైలు తప్పితే పాతపట్నంలో దొరికే ఆర్టీసీ బస్సుల వేళలను కూడా కంఠస్థం చేయాలి.

ఇక డబ్బు సంగతి. రోజూ టికెట్టు కొని రైల్లో తిరిగే విద్యార్థి నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాడు. రైల్వే సీజన్ టికెట్టు, అంటే పాసు, 150 కిలోమీటర్ల దూరం వరకు ఇస్తారు. విద్యార్థులకు అందులో సగం రాయితీ ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు నాలుగింట మూడు వంతులు తగ్గుతుంది. ఇంటికీ విద్యాసంస్థకూ మధ్య సెకండ్ క్లాసు నెలవారీ పాసు అబ్బాయిలకు పన్నెండో తరగతి వరకు, అమ్మాయిలకు డిగ్రీ వరకు ఉచితం. డిగ్రీ చదివే ఎంతమంది ఆడపిల్లల తల్లిదండ్రులకు ఈ విషయం తెలుసో ఒక్కసారి చుట్టూ చూడండి. దీనికి సంస్థ అధిపతి సంతకంతో ధ్రువపత్రం కావాలి, వయోపరిమితి నిబంధనలుంటాయి, కాబట్టి ప్రవేశం దొరికిన వారంలోనే ఆఫీసులో అడగండి. మూడు నెలల పాసు నెలనెలా తీసుకునేదానికన్నా కొంత చవక. పాసు జనరల్ బోగీకే చెల్లుతుందనీ, సూపర్‌ఫాస్ట్ బండికి అదనపు రుసుము కట్టాలనీ గుర్తుంచుకోండి.

బస్సు విషయంలో సరిహద్దు అడ్డొస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత మన బంధుత్వాలను విడదీయలేదు గాని పాసులను, పథకాలను విడదీసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం ఉంది; అయితే అది ఆ రాష్ట్రవాసులకు, అంతర్రాష్ట్ర సర్వీసులు కాని కొన్ని రకాల బస్సుల్లో మాత్రమే. సోంపేట అమ్మాయికి ఇచ్ఛాపురం దాకా పనికొచ్చేది సరిహద్దులోని గిరిసోలా దాటాక పనికిరాదు. చికిటి అమ్మాయికి మొదటినుంచీ పనికిరాదు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పాఠం వింటారు. ఈ తేడా సరిదిద్దవలసినదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ప్రయాణంలో చదువుకోవడం గురించి పెద్దలు చెప్పే మాటలు మీకు చాలా అలవాటై ఉంటాయి. రోజుకు నాలుగు గంటలు దొరుకుతున్నాయి కదా, చదువుకోవచ్చు కదా అంటారు. నిలబడటానికే చోటు లేని బోగీలో లెక్కలు చేయమనడం అన్యాయం. ఉదయం బండిలో నిన్నటి నోట్సు ఒకసారి తిరగేయడం, చదివినదాన్ని కళ్లు మూసుకుని గుర్తు చేసుకోవడం సాధ్యమయ్యే పనులు. సాయంత్రం బండి విశ్రాంతికి వదిలేయండి. ఆ గంటలో కునుకు తీసినవాడు దోషి కాడు. బస్సులో పుస్తకం తెరిస్తే కొందరికి కడుపులో తిప్పుతుంది. కళ్లు కదలని అక్షరాలను చూస్తుంటే లోపలి చెవి కదలికను పసిగట్టడం వల్ల వచ్చే ఇబ్బంది అది. అలాంటివారు ముందు వరుసల్లో కూర్చుని రోడ్డు చూడటం, లేదా రికార్డు చేసుకున్న పాఠం వినడం మేలు. మన పిల్లల్లో ఒడియా గడగడా మాట్లాడుతూ చదవడం రానివారు చాలామంది ఉన్నారు. వర్ణమాల వరుస మనదే, లిపి మాత్రం వేరు. స్టేషన్ బోర్డులు, దుకాణాల పేర్లు రోజూ కూడబలుక్కుంటే ఒక సెమిస్టరులో నోటీసుబోర్డు ఎవరి సాయం లేకుండా చదవగలరు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయానికి వస్తాను. ఒకసారి సాయంత్రం బస్సుకోసం నిలబడ్డ ఒక విద్యార్థిని సంచిలోంచి నీళ్ల సీసా తీసి పక్కనున్న ముసలమ్మకు ఇచ్చింది. సీసా మూత కొత్తగా తిప్పిన చప్పుడైంది. పొద్దున ఇంటిదగ్గర అంచుదాకా నింపిన నీళ్లు అలాగే ఉన్నాయి. అడిగితే, "తాగితే దారిలో ఇబ్బంది కదండీ" అంది. ఆ మాట ఆ అమ్మాయి ఒక్కదానిదే కాదు. మరుగుదొడ్డి దొరకదన్న భయంతో ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు తాగని ఆడపిల్లలు మన మధ్య ఎందరో ఉన్నారు. తలనొప్పి, కళ్లు తిరగడం, మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు దీని వెంటే వస్తాయి. అందులోనూ ఉద్దానం నుంచి వచ్చే పిల్లలు. అక్కడి మూత్రపిండాల జబ్బు సంగతి ఈ సభకు నేను చెప్పనక్కరలేదు. దాని కారణాల గురించి పరిశోధనలు ఇంకా సాగుతూనే ఉన్నాయి. అటువంటి ప్రాంతపు బిడ్డలు ఏప్రిల్, మే ఎండల్లో దాహాన్ని అణచుకుని చదువుకోవడం మనం చూస్తూ ఊరుకోవలసిన విషయం కాదు.

అమ్మాయిలు తమవంతుగా చేయగలిగింది కొంత ఉంది: బయలుదేరడానికి గంట ముందు నీళ్లు తాగడం, దారిలో శుభ్రంగా ఉండే చోట్లు ఏవో ఒకరికొకరు చెప్పుకోవడం, సాధ్యమైన రోజుల్లో మరుగుదొడ్డి ఉన్న బోగీ చూసి రైలెక్కడం. అయితే ఈ భారం వారి మీద వేసి చేతులు దులుపుకోకూడదు. ఉదయం ఎనిమిదింటికే వచ్చే విద్యార్థినులకోసం ప్రతి కాలేజీ ఒక గదిని, నీళ్లున్న మరుగుదొడ్డిని తెరిచి ఉంచాలి. దీనికి కొత్త నిధులు అక్కరలేదు. తాళం రెండు గంటలు ముందు తీస్తే చాలు.

తల్లిదండ్రులకు ఒక మనవి. యువతకు రాత్రి ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. ఐదింటికి లేచి ఏడింటికి ఇల్లు చేరే పిల్లకు అది దొరకాలంటే పదిలోపు పడుకోవాలి. అబ్బాయి ఇంటికి రాగానే "పాపం, అలసిపోయాడు" అని మంచం చూపిస్తాం. అదే బండి దిగి వచ్చిన అమ్మాయికి గిన్నెలు చూపిస్తాం. ఇది చాలా ఇళ్లలో జరుగుతున్నది. మీ ఇంట్లో జరుగుతుంటే దయచేసి ఈ రాత్రి నుంచే మానేయండి.

భద్రత గురించి పొడిగించను. గుంపుగా వెళ్లండి, రోజూ ఒకే బోగీ ఎక్కండి. పాసు మీద తిరిగే ఉద్యోగస్థులు ఏడాది పొడవునా ఒకే బోగీలో కనిపిస్తారు, వారి పరిచయమే పెద్ద రక్షణ. రైల్లో ఏ ఇబ్బందికైనా 139, ఎక్కడైనా అత్యవసరానికి 112. ఫుట్‌బోర్డు మీద వేలాడే అబ్బాయిలకు మాత్రం గట్టిగా చెబుతున్నాను, మీ క్లాసు అంత విలువైనది కాదు.

మన తీరంలో అక్టోబరు నెలకు వేరే లెక్క ఉంది. 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది. సెమిస్టరు మధ్యలో, సరిగ్గా అసైన్‌మెంట్లు, అంతర్గత పరీక్షల వేళకు రైళ్లు నిలిచిపోయే నెల అది. దసరాకు ముందే బరంపురంలో ఒక బంధువుల ఇల్లో స్నేహితుల గదో చూసి ఉంచుకోండి, రెండు జతల బట్టలు అక్కడ పెట్టండి. పరీక్ష ముందురోజు రాత్రి కూడా ఆ ఇంట్లోనే ఉండండి. హాలుటికెట్టు మీద రైలు ఆలస్యానికి మినహాయింపు ఉండదు.

మిగిలింది సంస్థలను అడగవలసిన సంగతి. 75 శాతం హాజరు నిబంధన సబబైనదే. కాని ప్రయోగశాల పీరియడును సాయంత్రం చివర పెట్టి, దూరం నుంచి వచ్చేవారు వారం వారం దాన్ని సగంలో వదిలి పరుగెత్తే పరిస్థితి తెచ్చి, తర్వాత హాజరు లేదనడం సబబు కాదు. టైమ్‌టేబుల్ వేసేముందు బండి వేళలు చూడమని విభాగాధిపతిని అడగండి. రైల్వే డివిజన్‌కు, ఆర్టీసీ డిపోకు, ప్రైవేటు బస్సుల వేళలు నిర్ణయించే రవాణా అధికారులకు కూడా రాయాలి. రైల్వేలో డివిజన్ స్థాయిలో ప్రయాణికుల సంప్రదింపుల సంఘాలున్నాయి. వాటిలోని సభ్యులను కలవాలి. "మాకు చాలా కష్టంగా ఉంది" అని రాస్తే ఆ కాగితం ఫైల్లో పడిపోతుంది. ఏ స్టేషన్లో ఎంతమంది ఎక్కుతున్నారు, క్లాసు ఎన్నింటికి, బండి గత నెలలో ఏ రోజు ఎంత ఆలస్యమైంది అని రాస్తే అధికారి జవాబు చెప్పక తప్పదు. మొదట్లో నేను రాసుకోమన్న వేళల వివరాలు ఇందుకూ పనికొస్తాయి. ఇరవైమంది పుస్తకాలు కలిపితే అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు.

కొందరికి ఎంత అమర్చుకున్నా ఈ ప్రయాణం కుదరదు. నిద్ర ఆరు గంటలకు తగ్గి నెల దాటినా, వారానికి రెండుసార్లు మొదటి పీరియడు పోతున్నా, ఆఖరి సంవత్సరంలో ప్రాజెక్టు పని ఉన్నా, నలుగురు కలిసి గది తీసుకోవడం గురించి ఇంట్లో మాట్లాడండి. ఆరు నెలల అద్దె భారమే, కానీ ఒక సబ్జెక్టు తప్పి ఏడాది పోతే అయ్యే ఖర్చుతో పోల్చి చూడండి. పాసు ధ్రువపత్రం నమూనా కావలసినవారు, రైల్వేకు ఇవ్వబోయే అర్జీలో పేరు చేర్చదలచినవారు వేదిక పక్కనున్న బల్ల దగ్గరకు రండి. చీకటి పడకముందే బండి అందుకోవలసినవారు వరుసలో ముందు నిలబడండి.