ఒక్క కీ కోసం లాప్‌టాప్‌ను వద్దనవచ్చా?

నమస్కారం. ఈ లాప్‌టాప్‌ను తయారీ సంస్థే రివ్యూ కోసం పంపింది. డబ్బేమీ ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. వీడియో పూర్తయ్యాక దీనిని తిరిగి పంపేయాలి. ప్రాసెసర్, ర్యామ్ వివరాలు మీరు ఈపాటికే వేరే చోట చూసి ఉంటారు కనుక వాటి జోలికి పోను. స్క్రీన్ బాగుంది, బ్యాటరీ ఇంకా బాగుంది, ఫ్యాన్ శబ్దం రాత్రివేళ కూడా వినిపించదు. నేను మాట్లాడదలచుకున్నది కీబోర్డు కింది వరుసలో, కుడివైపు ఆల్ట్ పక్కన ఉన్న కోపైలట్ కీ గురించి. కోపైలట్ అంటే మైక్రోసాఫ్ట్ వారి ఏఐ అసిస్టెంట్, దానిని తెరిచే కీ ఇది.

మైక్రోసాఫ్ట్ ఈ కీని 2024 జనవరిలో ప్రకటించింది. దాదాపు 30 ఏళ్లలో విండోస్ కీబోర్డుకు ఇదే మొదటి పెద్ద మార్పని అప్పుడు చెప్పుకుంది. మరి దానికి చోటెక్కడిది? కొందరు తయారీదారులు మెనూ కీని (మౌస్ రైట్ క్లిక్ మెనూను తెరిచేది) తీసేశారు, కొందరు కుడి కంట్రోల్ కీని తీసేశారు. నా ముందున్న లాప్‌టాప్ రెండో కోవకు చెందినది.

కుడి కంట్రోల్‌ను ఎవరు వాడతారని మీరు అడగవచ్చు. నేను వాడతాను. స్క్రిప్టు దిద్దుకునేటప్పుడు నా ఎడమ చేతిలో కాగితాలుంటాయి. కుడి బొటనవేలితో కంట్రోల్ నొక్కి పట్టి, యారో కీతో ఒక్కొక్క పదాన్నీ దాటుకుంటూ పోవడం నాకు ఏళ్ల నాటి అలవాటు. ఇందులో అలా నొక్కగానే కోపైలట్ విండో తెరుచుకుంటుంది, ఆ తర్వాత టైప్ చేసినదంతా దాని పెట్టెలో పడుతుంది. చూసుకోకుండా ఎంటర్ కొట్టానా, ఇక అంతే. 'అయితే ధర మాత్రం' అన్న నా సగం వాక్యానికి అది ఎంతో మర్యాదగా ఏ వస్తువు ధర కావాలని అడిగింది.

నిజానికి ఈ కీ నొక్కినప్పుడు విండోస్‌కు చేరేది ఎడమ షిఫ్ట్, విండోస్, ఎఫ్23 అనే మూడు కీల కలయిక. మన కీబోర్డులు ఎఫ్12తో ఆగిపోతాయి కానీ, పాత ఐబీఎం టెర్మినల్ కీబోర్డులలో ఎఫ్24 వరకు ఉండేవి. కొత్త కీ అని చెప్పినది, లోపల చూస్తే, ఒక షార్ట్‌కట్. ఈ లాప్‌టాప్ సెట్టింగ్స్‌లో దానిని సెర్చ్‌కో వేరే యాప్‌కో మార్చుకోగలిగాను గాని, కంట్రోల్‌గా మార్చుకునే వీలు కనిపించలేదు. ఉచితంగా దొరికే ఒక టూల్‌తో మార్చి చూస్తే, నొక్కి వదిలినప్పుడు పనిచేస్తోంది, పట్టి ఉంచితే మధ్యలోనే జారిపోతోంది. కంట్రోల్ ఉన్నదే పట్టి ఉంచడానికి కదా!

ఈ కథ మనం ఇంతకుముందే చూశాం. 2015లో తోషిబా కొన్ని లాప్‌టాప్‌లకు మైక్రోసాఫ్ట్ పాత వాయిస్ అసిస్టెంట్ కోర్టానా కోసం ఒక కీ పెట్టింది; విండోస్‌లోని కోర్టానా యాప్‌కు మైక్రోసాఫ్ట్ 2023లో స్వస్తి చెప్పింది. 2017లో శాంసంగ్ గెలాక్సీ ఎస్8 ఫోన్ అంచున తన అసిస్టెంట్ బిక్స్‌బీకి ప్రత్యేకంగా ఒక బటన్ ఇచ్చింది. దానిని వేరే పనికి వాడుకోవడానికి 2019 దాకా అధికారికంగా ఒప్పుకోలేదు, ఆ ఏడాదే నోట్ 10లో బటన్‌నే తీసేసింది. కోపైలట్ కూడా 2023లో విండోస్‌లో స్క్రీన్ కుడి అంచున ఒక ప్యానెల్‌గా వచ్చి, మరుసటి ఏడాదికే విడి యాప్‌గా మారింది. సాఫ్ట్‌వేర్‌ది ఇంత నిలకడలేని వ్యవహారం. మన ఇళ్లలో మాత్రం అక్క డిగ్రీకి కొన్న లాప్‌టాప్ తమ్ముడి ఇంజనీరింగ్ దాకా నడవాలి.

విషయం కీతోనే ఆగలేదు. 2025 జనవరిలో వర్డ్, ఎక్సెల్ వంటివి ఇచ్చే మైక్రోసాఫ్ట్ 365 పర్సనల్ చందాలో కోపైలట్‌ను కలిపి, అమెరికాలో నెల ధరను 6.99 డాలర్ల నుంచి 9.99 డాలర్లకు పెంచారు. కోపైలట్ లేని పాత ధర ప్లాన్ కూడా ఉందన్న సంగతిని వినియోగదారులకు స్పష్టంగా చెప్పలేదంటూ ఆస్ట్రేలియా పోటీ, వినియోగదారుల కమిషన్ ఆ అక్టోబరులో కోర్టుకెక్కింది.

అసిస్టెంట్ పనికిరాదని నేననడం లేదు. పెద్ద ఇంగ్లిష్ పీడీఎఫ్ ఇచ్చి తెలుగులో సారాంశం అడిగితే మెచ్చుకోదగినట్లే రాసి ఇచ్చింది. అయితే ఆ పనికి టాస్క్‌బార్‌లో ఒక ఐకాన్ చాలు, నా కంట్రోల్ కీ అక్కర్లేదు.

కనుక ఇంత మంచి బ్యాటరీ ఉన్నా, రోజంతా టైప్ చేసేవారికి ఈ మోడల్‌ను నేను సిఫారసు చేయను. సినిమాలు చూడడానికి, బ్రౌజింగ్‌కు అయితే నిరభ్యంతరంగా తీసుకోండి. వేరే మోడల్ చూసేవారు షాపులో మూత తెరిచి, ముందుగా కింది వరుసలో కుడి చివరను చూడండి. మెనూ కీ స్థానంలో కోపైలట్ కీ ఉండి, కంట్రోల్ చెక్కుచెదరకుండా ఉంటే అప్పుడు ధర అడగండి.