అలారం ముందా, అరుపు ముందా?

తమ్ముడు: నమస్తే అండి. నేను విజయవాడ పటమట నుంచి, మా అక్క గుంటూరు బ్రాడీపేట నుంచి. ఈ వారం నా గొంతు కాస్త బొంగురుగా వినిపిస్తే ఏమీ అనుకోకండి, నిద్ర లేదు. ఇంట్లోకి రెండు నెలల లాబ్రడార్ పిల్ల వచ్చింది. పేరు పండు. రాత్రిళ్ళు అరవకుండా, పక్క తడపకుండా ఉండడం దానికి ఎలా నేర్పాలో ఇవాళ అక్కని అడుగుతాను. పగలంతా బంగారం, రాత్రయితే మాత్రం...

అక్క: రాత్రి సంగతి తర్వాత చెబుదువుగాని. ముందు అది ఎక్కడ పడుకుంటోంది?

తమ్ముడు: బాల్కనీలో. గోనెసంచి మీద పాత దుప్పటి పరిచి పెట్టారు అమ్మావాళ్ళు.

అక్క: మొన్నటిదాకా తల్లి పొట్టకి ఆనుకుని, తోబుట్టువుల మధ్య పడుకున్న పిల్లరా అది. ఒక్కసారిగా బాల్కనీలో ఒంటరిగా పడుకోబెడితే ఏడవక ఏం చేస్తుంది? అది భయంతో ఏడుస్తోందో, పాస్ వచ్చి ఏడుస్తోందో లోపల పడుకున్న నీకు తెలిసే దారి లేదు. మొదటి కొన్ని వారాలు నీ మంచం పక్కనే ఉంచు. అది కదిలితే నీకు వినపడాలి, నువ్వు చెయ్యి చాపితే దానికి అందాలి.

తమ్ముడు: పక్కన వదిలేస్తే గదంతా తిరిగి ఏ బీరువా కిందో పోసేస్తుంది.

అక్క: వదిలెయ్యమనలేదు, క్రేట్‌లో ఉంచమంటున్నాను. అంటే కుక్కపిల్ల పడుకోడానికి తలుపున్న పెట్టె లాంటిది. అందులో అది నిలబడగలగాలి, వెనక్కి తిరగగలగాలి, కాళ్ళు చాపుకుని పడుకోగలగాలి. అంతకుమించి చోటు ఉండకూడదు. కుక్కపిల్లలు మూడు వారాల వయసు నుంచే పడుకునే చోటు వదిలి కాస్త దూరం వెళ్ళి పోస్తాయి. తడిసిన పక్క వాటికి నచ్చదు. మనం చేసే ట్రైనింగ్ అంతా ఆ ఒక్క గుణం మీదే నడుస్తుంది. క్రేట్ మరీ పెద్దదైతే ఒక మూల పోసి, ఇంకో మూల హాయిగా పడుకుంటుంది. లాబ్రడార్ కాబట్టి పెద్దదే కొను, మధ్యలో అడ్డు పెట్టే ఏర్పాటు ఉన్నది చూసుకో. ఎదిగేకొద్దీ జరుపుకోవచ్చు.

తమ్ముడు: ఆ మాట ఎత్తితేనే అమ్మ "పసిదాన్ని బోనులో పెడతావురా" అని మొదలుపెడుతుంది.

అక్క: తెచ్చిన రోజే లోపల పెట్టి తలుపు వేస్తే అది బోనే. అమ్మ అన్నదాంట్లో తప్పు లేదు. పగటిపూట తలుపు తీసి ఉంచి, అన్నం గిన్నె లోపల పెట్టు. బొమ్మలు లోపల వెయ్యి. దానంతట అదే వెళ్ళి పడుకునేదాకా గడియ వెయ్యకు. అల్లరి చేసిందని కోపంతో ఎప్పుడూ అందులో వెయ్యొద్దు. ఇంతకీ, తెచ్చేటప్పుడు వయసు సరిగ్గా చూసుకున్నావా?

తమ్ముడు: రెండు నెలలు నిండాకే తెచ్చాం. ఇంకోచోట "నలభై ఐదు రోజుల పిల్ల, రేపే తీసుకెళ్ళండి" అన్నారు.

అక్క: ఆ నలభై ఐదు రోజుల బేరం చాలామంది మాట్లాడతారు. 2017లో కేంద్రం తెచ్చిన బ్రీడింగ్ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. కొనేవాళ్ళు అడగరు, అమ్మేవాళ్ళు చెప్పరు. అంత చిన్నది ఇంటికొస్తే రాత్రి ఇంకా ఎక్కువసార్లు లేవాల్సి వస్తుంది. పైగా ఇరుకు కేజ్‌లో, దాని మలమూత్రాల్లోనే పెరిగిన పిల్లకి ఇందాక చెప్పిన ఆ గుణం చెడిపోయి ఉంటుంది. దానికి మళ్ళీ శుభ్రం నేర్పడం ఎక్కువ కష్టం, ఎక్కువ కాలం.

తమ్ముడు: మరి పండు ఎంతసేపు ఆపుకోగలదు?

అక్క: ఎన్ని నెలలో దానికి ఒకటి కలుపు, అన్ని గంటలు. రెండు నెలలకి మూడు గంటలన్నమాట. ఇది అంచనా మాత్రమే. పొమెరేనియన్ లాంటి చిన్న జాతులకి ఇంకా తగ్గుతుంది. నిద్రలో మూత్రం తక్కువ తయారవుతుంది కాబట్టి రాత్రి కాస్త ఎక్కువ ఆగగలవు. పదకొండింటికి పడుకోబెడితే రెండుంబావుకి అలారం పెట్టుకో, తర్వాత ఐదింటికి. అరుపు కంటే అలారం ముందు మోగాలి. అది అరిచాక నువ్వు లేస్తే, అరిస్తే మనిషి వస్తాడని నేర్చుకుంటుంది. నువ్వే ముందు లేపి తీసుకెళ్తే దానికి అరవాల్సిన పని ఉండదు.

తమ్ముడు: "ఏడిస్తే ఏడవనీ, నాలుగు రోజుల్లో అదే మానేస్తుంది" అంటున్నారు అందరూ.

అక్క: నేను ఒప్పుకోను. రెండు నెలల పిల్ల ఏడిచి ఏడిచి చివరికి క్రేట్‌లోనే పోసుకుందనుకో, అలా కొన్నిసార్లు జరిగితే తడి పక్కకి అలవాటు పడిపోతుంది. అప్పుడు నీ చేతిలో ఉన్న ఒక్క ఆధారం పోయినట్టే. అలారానికి ముందే ఏడిచిందా, నోరు మెదపకుండా ఒక్క నిమిషం చూడు. సర్దుకుంటే సరే. సర్దుకోకపోతే బయటికి తీసుకెళ్ళు. కానీ ఆ తీసుకెళ్ళడం ఎంత చప్పగా ఉండాలంటే, రెండోసారి సరదాకి లేవాలని దానికి అనిపించకూడదు.

తమ్ముడు: చప్పగా అంటే?

అక్క: ట్యూబ్‌లైట్ వెయ్యొద్దు, ఫోన్ టార్చ్ చాలు. "పండూ, ఏంట్రా బంగారం" లాంటివి వద్దు. మెడకి లీష్ తగిలించు, లేకపోతే ఆడుకోడానికి పరిగెడుతుంది. ఎత్తుకుని తీసుకెళ్ళు. నిద్ర లేచిన పిల్ల నేల మీద రెండడుగులు వేస్తే చాలు, అక్కడే పోసేస్తుంది. రోజూ ఒకే చోట దింపు. "సుస్సు" అని ఒక్క మాట చెప్పి ఊరికే నిలబడు. ఇంట్లో అందరూ ఆ మాటే వాడాలి, నువ్వొకటి అమ్మ ఒకటి అంటే దానికి అర్థం కాదు. ఐదు నిమిషాలు చూడు. పోస్తే అక్కడికక్కడే, దాని పని అయిన క్షణంలోనే చిన్న బిస్కెట్ ముక్క పెట్టు. లోపలికొచ్చాక పెడితే లోపలికి వచ్చినందుకు పెట్టావనుకుంటుంది. పొయ్యకపోతే మళ్ళీ క్రేట్‌లో పెట్టి, పావుగంట ఆగి ఇంకోసారి.

తమ్ముడు: బానే ఉంది. కానీ నేనుండేది మూడో అంతస్తు. కిందకి దింపితే వీధిలో అరడజను కుక్కలు కాపు కాస్తుంటాయి.

అక్క: వీధిలోకి అసలు దింపొద్దు. కుక్కలు కరుస్తాయని మాత్రమే కాదు, పార్వో అనే వైరస్ జబ్బు ఉంది. జబ్బు చేసిన కుక్క మలంలోంచి ఆ వైరస్ మట్టిలోకి చేరుతుంది, నెలల తరబడి అక్కడే బతుకుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వెయ్యాలి. రేబిస్ టీకా మూడు నెలలకి. ఇవన్నీ అయ్యేదాకా వేరే కుక్కలు తిరిగే నేల మీద పిల్లని దింపకూడదు. పుస్తకాల్లో, వీడియోల్లో "గార్డెన్‌లోకి తీసుకెళ్ళండి" అంటారు. పటమట అపార్ట్‌మెంట్‌లో గార్డెన్ ఎక్కడిది!

తమ్ముడు: మేడ మీదకి తీసుకెళ్ళనా?

అక్క: వేరే కుక్కలు రాని మేడ అయితే పర్లేదు. కానీ రెండింటికి మెట్లెక్కి తాళం తీసేసరికి దానికి నిద్ర పూర్తిగా పోతుంది, నీకూ పోతుంది. రాత్రికి మీ బాల్కనీయే మేలు. పక్క తీసేశావు కాబట్టి ఆ చోటు ఖాళీయేగా. వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో మట్టి పోసి గరిక నాటు, లేదా కృత్రిమ గడ్డి పరుచు. పేపర్ కంటే గడ్డే నయం. పేపర్‌కి అలవాటైతే రేపు హాల్లో పడేసిన దినపత్రిక మీద కూడా పోస్తుంది, దాని తప్పేం లేదు. టీకాలయ్యాక కిందకి మార్చేటప్పుడు ట్రేలో తడిసిన మట్టి కొంచెం తీసుకెళ్ళి కొత్త చోట వెయ్యి, ఆ వాసన పట్టుకుని అక్కడే పోస్తుంది.

తమ్ముడు: లిఫ్ట్‌లో తీసుకెళ్తే అసోసియేషన్‌వాళ్ళు ఊరుకోరేమో.

అక్క: లిఫ్ట్ వాడొద్దని కుక్కలున్నవాళ్ళని ఆపకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. అయినా లిఫ్ట్‌లో పోస్తే మాత్రం తుడవాల్సింది నువ్వే. సరే, ఇంకో సంగతి. దానికి రాత్రి అన్నం ఎప్పుడు పెడుతున్నారు?

తమ్ముడు: మేం తినేటప్పుడే. తొమ్మిదిన్నర, పదింటికి. అమ్మ పాలన్నం కలిపి పెడుతుంది.

అక్క: నేను అసలు అడగాలనుకున్నది ఇదే. నువ్వు రాత్రి రెండింటికి పడుతున్న పాట్లు సాయంత్రం వంటింట్లో మొదలవుతున్నాయి. తిన్న పావుగంట, అరగంటలో పిల్లకి దొడ్డికి వస్తుంది. ఆ తర్వాత రాత్రి కూడా ఇంకోసారి రావచ్చు. ఏడింటికల్లా తిండి అయిపోతే పడుకునేలోపు రెండు మూడుసార్లు బాల్కనీకి తిప్పే టైం ఉంటుంది. ఇక పాలు. తల్లిపాలు వేరు, గేదెపాలు వేరు. గేదెపాలలోని చక్కెర చాలా కుక్కలకి అరగదు, మోషన్స్ పట్టుకుంటాయి. కడుపు కదిలిన పిల్లకి ఏ అలారం పనికిరాదు. అన్నం పెట్టదలిస్తే ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్‌తో పెట్టమను. ఉల్లిపాయ వేసిన కూర తగలనివ్వొద్దు, అది వాటికి విషం. మారుస్తున్నప్పుడు ఒక్కసారిగా కాకుండా వారం పాటు కొంచెం కొంచెంగా మార్చు.

తమ్ముడు: నీళ్ళు కూడా ఆపెయ్యమంటున్నారు, సాయంత్రం ఆరు నుంచే.

అక్క: చలి దేశాల్లో రాసిన సలహా అది. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో బెజవాడలో ఆరింటి నుంచి నీళ్ళు లేకుండా పసిపిల్లని ఉంచుతావా? పగలంతా గిన్నె నిండుగా ఉంచు. పడుకోడానికి గంట ముందు గిన్నె తీసెయ్యి, అదీ ఏసీ గదిలో అయితేనే. గది వేడిగా ఉన్నా, కరెంటు పోయినా గిన్నె అక్కడే ఉండనీ. ఇంకోసారి లేస్తావు, అంతేగా. వడదెబ్బ కంటే తడిసిన పక్క నయం. తొమ్మిదింటికి ఓ పదిహేను నిమిషాలు బాగా ఆడించు, పదింటికి సద్దుమణిగేలా చెయ్యి. ఆడుతూ ఆడుతూ తిన్నగా క్రేట్‌లోకి వెళ్తే నిద్రపోదు, మళ్ళీ పాస్ కూడా వస్తుంది.

తమ్ముడు: ఇంత చేసినా ఇంట్లో పోస్తే? మొన్న దేవుడి గది గుమ్మంలోనే పోసింది. అమ్మ ఫినాయిల్‌తో మూడుసార్లు కడిగింది. మర్నాడు సరిగ్గా అక్కడే.

అక్క: మనకి ఫినాయిల్ వాసన, దానికి దాని అడుగున ఉన్న పాత వాసన. కుక్క ముక్కుని కప్పిపెట్టడం ఫినాయిల్ వల్ల కాదు. ముందు పొడిగుడ్డతో ఒత్తి తుడిచి, ఎంజైమ్ క్లీనర్ పోసి, డబ్బా మీద రాసినంతసేపు అలాగే వదిలెయ్యాలి. మూత్రంలో వాసనకి కారణమైనవాటిని అది విరగ్గొడుతుంది. అమోనియా ఉన్న క్లీనర్ అసలు వద్దు, దానికి మూత్రం వాసనలాగే ఉంటుంది. పైగా ఫినాయిల్ తడి మీద తిరిగి పాదాలు నాకితే ప్రమాదం, నల్ల ఫినాయిల్ అయితే మరీను. ముక్కు తీసుకెళ్ళి తడిలో రాయడం, పేపర్ చుట్టి కొట్టడం చేస్తున్నారా?

తమ్ముడు: నాన్న అరుస్తారు అంతే.

అక్క: పోసేసి పడుకున్నదాన్ని లేపి అరిస్తే ఎందుకో దానికి తెలీదు. తెలిసేదల్లా మనుషుల ముందు పోస్తే తిట్లు పడతాయని. ఇక నుంచి నువ్వు ట్రే దగ్గర నిలబడితే పొయ్యదు, సోఫా వెనక్కి వెళ్ళి పోస్తుంది. పోస్తుండగా చూస్తే ఎత్తుకుని ట్రేలో పెట్టు. తర్వాత చూస్తే తుడుచుకో.

తమ్ముడు: ఈ అలారాలు ఎప్పటిదాకా?

అక్క: అలారం మోగేసరికి పండు పొడిగా, గాఢనిద్రలో ఉందనుకో. అలా వరసగా కొన్ని రాత్రులు ఉంటే అలారం అరగంట ఆలస్యంగా పెట్టు. మళ్ళీ తడిస్తే ముందుకి. నాలుగు నెలలకి చాలా పిల్లలు తెల్లారేదాకా ఆగుతాయి. ఇంట్లో వదిలేసి నిశ్చింతగా నిద్రపోవాలంటే ఆరు నెలలైనా పడుతుంది. అన్నీ సరిగ్గా చేస్తున్నా బాగుపడ్డ పిల్ల మళ్ళీ మొదలుపెట్టిందంటే డాక్టర్‌కి చూపించు. నిమిషానికోసారి కూర్చుని చుక్క చుక్క పోస్తున్నా, రక్తం కనబడినా మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, ఆడపిల్లల్లో ఎక్కువ. వాంతులు, నీచువాసనతో రక్తపు మోషన్స్ కలిసి వస్తే తెల్లారనివ్వొద్దు. అది పార్వో కావచ్చు, గంటలు లెక్క. మీ దగ్గర్లోని క్లినిక్‌లలో రాత్రి ఎవరు తీస్తారో ఇప్పుడే కనుక్కుని ఫోన్లో పెట్టుకో. పగటి వేళల్లో అయితే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

తమ్ముడు: వచ్చే నెల దాన్ని తీసుకుని మీ ఇంటికి వద్దామనుకుంటున్నాం.

అక్క: రండి. మా పెరట్లోకి మావాడు తప్ప వేరే కుక్క రాదు, వాడికి టీకాలన్నీ అయ్యాయి. కానీ కొత్త ఇల్లు దానికి కొత్త లెక్కే, ఇక్కడ మళ్ళీ అలారాలు పెట్టుకోవాలి. క్రేట్, ట్రే, దాని పాత దుప్పటి కార్లో వెయ్యి. దుప్పటి ఉతకమాకండి.