గేర్‌బాక్స్ దించే ముందు: కొత్తగా కొన్న పాత కారులో జబ్బు ఎక్కడుందో తేల్చడం

హోస్ట్: నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఇంకా సరిహద్దు అవతల ఇచ్ఛాపురం, సాలూరు వైపు వింటున్న అందరికీ స్వాగతం. ఈసారి విషయం పాత కారు గేర్‌బాక్స్. కారు కొని ఇంటికి తెచ్చిన వారంలోనే గేర్ సరిగా పడకపోవడమో, ఎక్కడో కూత వినపడటమో మొదలవుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే మొదటి మాటే "గేర్‌బాక్స్ దించాలి" అంటారు. మేస్త్రి గారూ, ఆ మాటకి సరే అనాలా?

మేస్త్రి: అప్పుడే సరే అనొద్దు బాబూ. దించడం చివరి పని. గేర్‌బాక్స్ కంప్లయింట్ అని వచ్చే బండ్లలో జబ్బు చాలాసార్లు బయటే ఉంటుంది. క్లచ్, కేబుల్, మౌంటింగ్, యాక్సిల్, వీల్ బేరింగ్, బ్యాటరీ, వీటిలో ఏదైనా కావచ్చు. ఇవేవీ దించకుండానే చూడొచ్చు. ఒకసారి దించితే లేబర్ ఛార్జీ పడిపోయినట్టే, లోపల ఏమీ లేకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు.

హోస్ట్: మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

మేస్త్రి: కాగితం మీద. మెకానిక్ చెయ్యి వేసేలోపు బండి యజమాని మూడు సంగతులు రాసుకోవాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వస్తోందా, వేడెక్కాక వస్తోందా? ఏ గేర్లో, ఏ స్పీడులో? క్లచ్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా? "గేర్ బాగోలేదండీ" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. "పొద్దున్న మొదటి రెండు కిలోమీటర్లు సెకండ్ గేర్ వేస్తుంటే గరగరమంటోంది, తర్వాత తగ్గుతోంది" అంటే జబ్బు సగం దొరికినట్టే.

హోస్ట్: అక్కడ జబ్బేంటి?

మేస్త్రి: చాలావరకు సింక్రోనైజర్ రింగ్ అరుగుదల. వేసే గేరుని, తిరుగుతున్న షాఫ్టుని ఒకే వేగానికి తెచ్చేది ఆ రింగే. అది అరిగితే వేగాలు కలవకముందే పళ్ళు కలవబోతాయి, ఆ గరగర అదే. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి రింగ్ పట్టు ఇంకా ఆలస్యమవుతుంది. కానీ అంతలోనే రింగులు మార్చమని చెప్పకండి. లోపల ఏ ఆయిల్ ఉందో ముందు తెలియాలి. జీఎల్-4 రకం గేర్ ఆయిల్ పోయాల్సిన మాన్యువల్ గేర్‌బాక్సులో ఎవరో జీప్ డిఫరెన్షియల్‌కి, అంటే రెండు చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టెకి, వాడే జీఎల్-5, 90 నంబర్ ఆయిల్ పోసి ఉంటారు. ఆ ఆయిల్ చిక్కన ఎక్కువ, జారుడు ఎక్కువ. దాంతో రింగ్ పట్టుకోలేదు. అందులో ఉండే గంధకం, ఫాస్ఫరస్ మందులు ఇత్తడి రింగుల్ని తినేసే ప్రమాదం కూడా ఉంది. బండితో వచ్చే పుస్తకంలో ఆయిల్ గ్రేడ్ 75డబ్ల్యూ-80 అని ఉంటే అదే పొయ్యాలి. చాలా చిన్న కార్లకి 2 లీటర్ల చుట్టుపక్కల పడుతుంది. ఆ ఖర్చు ఎంత? రింగులు మార్చే ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు.

హోస్ట్: ఆయిల్ చూడటం ఇంట్లో అయ్యే పనేనా?

మేస్త్రి: బండి కిందికి వెళ్ళాలి కాబట్టి ర్యాంపు ఉన్నచోటే చేయించండి. జాకీ ఒక్కటే పెట్టి కిందకి దూరొద్దు. ఇక్కడ ఒక క్రమం ఉంది, తప్పకుండా పాటించాలి. ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ విప్పాలి. అది వచ్చాకే కిందున్న డ్రెయిన్ ప్లగ్. ఫిల్లర్ తుప్పు పట్టి రాకపోతే, ఆయిల్ అంతా దించేశాక మళ్ళీ పోయడానికి దారుండదు. బండి కదలకుండా అక్కడే ఉండిపోతుంది. చాలా మాన్యువల్ గేర్‌బాక్సుల్లో, బండి సమంగా నిలబడి ఉంటే, ఫిల్లర్ రంధ్రం అంచు దాకా ఆయిల్ ఉండాలి. చిటికెన వేలు పెట్టి చూస్తే తగలాలి.

హోస్ట్: తక్కువుంటే?

మేస్త్రి: ఎక్కడి నుంచి కారిందో వెతకాలి. యాక్సిల్ షాఫ్టులు గేర్‌బాక్సులోకి వెళ్ళేచోట రెండు సీళ్ళుంటాయి, ఎక్కువగా అక్కడే. అవి మార్చాలంటే గేర్‌బాక్స్ దించక్కర్లేదు, యాక్సిల్ లాగితే చాలు. ఇక డ్రెయిన్ ప్లగ్ బయటికొచ్చాక దాని చివరున్న అయస్కాంతాన్ని కళ్ళతో చూడండి, మెకానిక్ గుడ్డతో తుడిచేయకముందే. బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే మామూలే. చేతికి గుచ్చుకునే రేకులు, గేరు పన్ను ముక్క లాంటివి ఉంటే అప్పుడు దించాల్సిందే. ఆయిల్లో పసుపు మెరుపు కనిపిస్తే ఇత్తడి, అంటే సింక్రోనైజర్ రింగ్ (సింక్రో) అరుగుతోంది. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు వెళ్ళాయి.

హోస్ట్: నీళ్ళు ఎలా వెళ్తాయి?

మేస్త్రి: గేర్‌బాక్స్ పైన గాలి పోవడానికి బ్రీదర్ ఉంటుంది. బండి మునిగితే దాంట్లోంచి దిగుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి, గంజాం జిల్లాల్లో నీళ్ళు ఎంత నిలిచాయో మనకు తెలుసు. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదల్లోనూ కార్లు మునిగాయి. మునిగిన కార్లు బాగుచేసి, దూరం ఊళ్ళకి తెచ్చి అమ్ముతారు. సీట్ల కింద తుప్పు, సీటు బెల్టు చివరిదాకా లాగితే మట్టి చార, ఇవి చూస్తూ గేర్ ఆయిల్ కూడా చూడండి. అలాంటి బండిలో ఆయిల్ మార్చగానే పని అయిపోదు. బేరింగులు తుప్పు పట్టి ఉంటే కూత మొదలవుతుంది.

హోస్ట్: సరే, కూత అన్నారు కదా, దాన్నే చూద్దాం. ఎక్కువమంది భయపడేది శబ్దానికే.

మేస్త్రి: శబ్దం నిజంగా చాలా చెప్తుంది, వినడం తెలిస్తే. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో, ఇంజిన్ ఆన్‌లో, క్లచ్ మీద కాలు తీసెయ్యండి. గిర్రుమని కూత ఉందా? ఇప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కండి. కూత ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ని అనుమానించాలి. ఎందుకంటే క్లచ్ తొక్కితే ఆ షాఫ్ట్ తిరగడం ఆగుతుంది. దీనికి తిరగేసి, తొక్కినప్పుడే కూత మొదలైతే అది క్లచ్ బేరింగ్, అంటే రిలీజ్ బేరింగ్. దానికోసం గేర్‌బాక్స్ పక్కకి జరపాలి గానీ గేర్‌బాక్స్ విప్పక్కర్లేదు. ఈ రెండు పనుల ఖర్చుకి చాలా తేడా ఉంది. ఒక హెచ్చరిక: డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (లోపల స్ప్రింగులున్న రెండు ముక్కల ఫ్లైవీల్) ఉన్న డీజిల్ బండ్లలో అది అరిగితే న్యూట్రల్‌లో డబడబ వినిపించి, క్లచ్ తొక్కితే తగ్గుతుంది. కూత వేరు, ఈ డబడబ వేరు, కలిపేయకండి.

హోస్ట్: నడుస్తున్నప్పుడు వచ్చే శబ్దం?

మేస్త్రి: ఒక్క గేర్లోనే వస్తే ఆ గేరు జతో దాని బేరింగో. అన్ని గేర్లలో వచ్చి స్పీడుతోపాటు పెరుగుతుంటే, ఖాళీ రోడ్డు మీద 60లో న్యూట్రల్ చేసి ఒక్క క్షణం వినండి. తగ్గకపోతే వీల్ బేరింగో, డిఫరెన్షియల్ బేరింగో. వంపులో ఎడమకి తిప్పినప్పుడు పెరిగి కుడికి తిప్పినప్పుడు తగ్గితే చక్రం బేరింగే. ఆ వంపులో బరువు కుడి చక్రం మీద పడుతుంది కాబట్టి కుడివైపు చూడండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలితే టకటకమంటే యాక్సిల్ బయటి జాయింట్. దీన్ని చాలామంది గేర్‌బాక్స్ పళ్ళు అనుకుంటారు.

హోస్ట్: గేర్ గట్టిగా పడటం, అసలు పడకపోవడం గురించి చెప్పండి.

మేస్త్రి: ఈ ఎపిసోడ్‌లో ఒక్క పరీక్షే గుర్తుంచుకుంటాం అనేవాళ్ళకి ఇదే చెప్తాను. ఇంజిన్ ఆపేసి, క్లచ్ తొక్కి, ఒకటి నుంచి ఐదు, రివర్స్, అన్నీ వేసి చూడండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్ళీ అదే చెయ్యండి. ఆపినప్పుడు హాయిగా పడి, ఇంజిన్ ఆన్‌లో గట్టిగా పడితే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. గేర్‌బాక్స్ నిర్దోషి. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే (హైడ్రాలిక్) క్లచ్ అయితే ఆయిల్ డబ్బా లెవల్, పెడల్ దగ్గరున్న మాస్టర్ సిలిండర్, కింద స్లేవ్ సిలిండర్ కారుతున్నాయేమో చూడాలి. పెడల్ రెండుమూడుసార్లు పంప్ చేస్తే గేర్ తేలిగ్గా పడితే హైడ్రాలిక్ లైన్లో గాలి ఉన్నట్టే. కేబుల్ క్లచ్ అయితే ఆ కేబులే సాగిపోయుండొచ్చు. ఇంజిన్ ఆపినా, ఆన్ చేసినా రెండింటా గట్టిగా ఉంటే గేర్ కేబుల్, లివర్ కింద బుష్, అవి బాగుంటే లోపల షిఫ్టింగ్ మెకానిజం. కేబుల్ చివర గేర్‌బాక్స్ దగ్గర ఊడదీసి ఆ మీటని చేత్తో తిప్పండి. తేలిగ్గా కదిలితే లోపం కేబుల్‌దే.

హోస్ట్: రివర్స్ గరగర?

మేస్త్రి: చాలా బండ్లలో రివర్స్‌కి సింక్రో ఉండదు. బండి పూర్తిగా ఆగి, క్లచ్ తొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి వెయ్యండి. అప్పుడూ గరగరమంటే క్లచ్ విడవడం లేదు. మళ్ళీ అదే ఇంజిన్ ఆఫ్ పరీక్షకి వెళ్ళండి.

హోస్ట్: మన వైపు ఘాటీలు ఎక్కువ. తప్తపాణి, సాలూరు నుంచి కొరాపుట్ ఎక్కే సుంకి ఘాట్. అక్కడే కొన్ని లోపాలు బయటపడతాయి కదా.

మేస్త్రి: అవును, చదును రోడ్డు మీద కనపడనివి రెండు అక్కడ దొరుకుతాయి. ఒకటి క్లచ్ జారడం. ఎక్కేటప్పుడు పెద్ద గేర్లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు లేస్తుంది, స్పీడు పెరగదు, కాలిన వాసన వస్తుంది. రెండోది దిగేటప్పుడు. యాక్సిలరేటర్ వదిలి ఇంజిన్ మీద బండి ఆపుకుంటుంటే గేర్ దానంతట అదే న్యూట్రల్‌కి దూకుతుంది. ఇది ప్రమాదం, ఘాట్‌లో దిగుతూ ఉన్నట్టుండి ఇంజిన్ బ్రేక్ పోతుంది. కారణం గేరుని జరిపే షిఫ్టర్ ఫోర్క్ అరుగుదల, గేరుని జారకుండా పట్టి ఉంచే డిటెంట్ స్ప్రింగ్ బలహీనపడటం, గేరు పళ్ళ మూల అరగడం. కానీ ముందు ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంటింగులు, అంటే వాటిని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, చూడాలి. రబ్బరు తెగితే యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా ఇంజిన్ మొత్తం వెనక్కి ఊగి, కేబుల్ని లాగి గేర్ ఊడదీస్తుంది. బానెట్ తీసి, బ్రేక్ తొక్కి పట్టుకుని, ఒకరు క్లచ్ కొంచెం వదిలి పట్టిస్తుంటే ఇంకొకరు పక్కన నిలబడి ఇంజిన్ ఎంత ఊగుతోందో చూడండి. బండి ముందు మాత్రం నిలబడొద్దు.

హోస్ట్: క్లచ్ జారుడు ఘాట్ దాకా వెళ్ళకుండా తెలుసుకోవచ్చా?

మేస్త్రి: చదునుగా ఉన్నచోట హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, మూడో గేర్లో పెట్టి, 1500 ఆర్‌పీఎం దగ్గర క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే ప్లేటు జారుతోంది. ఒక్కసారి చాలు, పదే పదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలుతుంది.

హోస్ట్: ఇప్పుడు ఆటోమేటిక్. ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) బండ్లు పాతవాటిలో చాలా వస్తున్నాయి.

మేస్త్రి: 2014లో మన దేశంలో మారుతి సెలెరియోతో మొదలైంది కదా, అవన్నీ ఇప్పుడు రెండో, మూడో చేతికొచ్చాయి. ఏఎంటీ అంటే లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే కాలు, గేర్ వేసే చెయ్యి బదులు పైన ఆ రెండు పనులూ చేసే ఒక యాక్చుయేటర్ ఉంటుంది. కాబట్టి క్లచ్ ప్లేటు అరుగుతుంది, ఎత్తులో బ్రేక్ వాడకుండా యాక్సిలరేటర్ మీద బండి నిలబెట్టే అలవాటుంటే ఇంకా త్వరగా. డాష్‌బోర్డులో గేర్ సూచిక మెరిసి బండి కదలకపోతే మొదట బ్యాటరీ చూడండి. ఇంజిన్ ఆపి ఉండగా 12.4 వోల్టులకు పైన, ఆన్‌లో 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. వోల్టేజీ తక్కువైతే యాక్చుయేటర్ సరిగా పనిచేయదు, గేర్‌బాక్స్ పోయిందనుకుంటారు. ప్లేటు మార్చాక స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ (కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో బండి కంప్యూటర్‌కి నేర్పడం) చేయకపోతే కొత్త ప్లేటుతోనూ కుదుపులు వస్తాయి.

హోస్ట్: టార్క్ కన్వర్టర్ (ఆయిల్ ద్వారా శక్తి పంపే ఆటోమేటిక్), సీవీటీ (గేర్లకి బదులు బెల్టు, పుల్లీలుండేది), వీటి సంగతి?

మేస్త్రి: టార్క్ కన్వర్టర్‌లో న్యూట్రల్ నుంచి డ్రైవ్‌లో వేశాక రెండు సెకన్లు దాటి పట్టుకుంటే లోపల ఒత్తిడి తక్కువ. ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, గోధుమరంగుకి తిరిగి కాలిన వాసన వేస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. డిప్‌స్టిక్ ఉన్న చాలా బండ్లలో ఇంజిన్ వేడిగా, ఆన్‌లో ఉండగానే లెవల్ చూడాలి. లేని వాటిలో స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ లెవల్ ప్లగ్ విప్పాలి. సీవీటీ బండిలో ఏటీఎఫ్ పొయ్యనే పొయ్యకండి. బెల్టు, పుల్లీ మధ్య పట్టు ఆ ప్రత్యేక ద్రవం మీదే ఆధారపడి ఉంటుంది. మెల్లగా కదిలేటప్పుడు వణుకు వస్తే మొదట ఆ ద్రవం ఎప్పుడు మార్చారో, ఏది పోశారో కనుక్కోండి.

హోస్ట్: స్కానర్ అన్నారు. బండి కంప్యూటర్ కోడ్‌లు చదవడానికి ఫోన్‌కి కలిపే చిన్న ఓబీడీ డబ్బా చాలదా?

మేస్త్రి: వాటిలో చాలామటుకు ఇంజిన్ కంప్యూటర్‌నే (ఈసీయూ) చదువుతాయి. అక్కడ పి-0700 అని కనిపిస్తే, గేర్‌బాక్స్ కంప్యూటర్లో వేరే కోడ్ ఉంది, వెళ్ళి చూడు అని మాత్రమే అర్థం. అసలు కోడ్ ఆ గేర్‌బాక్స్ కంప్యూటర్ (టీసీఎం) లోపల ఉంటుంది, దాన్ని తెరిచే స్కానర్ కావాలి. పి-0730 అంటే గేర్ నిష్పత్తి కుదరడం లేదు, పి-0741 అంటే టార్క్ కన్వర్టర్ లాకప్ క్లచ్ పట్టుకోవడం లేదు. కోడ్ వచ్చింది కదా అని ఆ పార్టు కొనెయ్యొద్దు. ఆయిల్ తక్కువున్నా పి-0730 వస్తుంది. చిన్న డబ్బాతో ఒక మేలుంది: కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా బండ్లు చూపిస్తాయి. అమ్మినతను మీకు చూపించిన రోజుకి అది 5 కిలోమీటర్లే ఉంటే, హెచ్చరిక లైటు ఆర్పి చూపించాడేమోనని గట్టిగా అడగాలి.

హోస్ట్: కంపెనీ దగ్గర వారంటీతో కొన్నవాళ్ళు?

మేస్త్రి: వాళ్ళు బయట షెడ్డులో ఒక్క బోల్టు కూడా విప్పించొద్దు. కాగితంలో గేర్‌బాక్స్ ఉందా, క్లచ్ ప్లేటు మినహాయింపా చదవండి, క్లచ్‌ని ఎక్కువగా వదిలేస్తారు. శబ్దం వీడియో తీసి, తేదీ ఉండేలా లిఖితంగా ఫిర్యాదు పెట్టండి. బయట చేయించేవాళ్ళు విప్పి చూసే ఛార్జీ ఎంతో, చూసి వద్దంటే ఎంతివ్వాలో ముందే రాయించుకోండి. పాత పార్టులు మీకే ఇవ్వాలని కూడా.

హోస్ట్: ఆఖరి సంగతి. జయపురం, కొరాపుట్ నుంచి ఆటోమేటిక్ బండిని విశాఖ తీసుకెళ్ళాలంటే నడిపించుకుంటూ పోవచ్చా?

మేస్త్రి: హెచ్చరిక లైటు వెలిగి ఒకే గేర్లో ఇరుక్కుంటే సుంకి ఘాట్ దింపొద్దు, వేడికి మిగిలిందీ పోతుంది. ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించండి. ఇంజిన్ శక్తి ముందు చక్రాలకి వెళ్ళే ఆటోమేటిక్‌ని తాడుతో లాగించొద్దు. ఇంజిన్ ఆగి ఉంటే లోపలి పంపు తిరగదు, ఆయిల్ అందదు, చక్రాలతో పాటు తిరిగే భాగాలు పొడిగా రాసుకుంటాయి. ఫ్లాట్‌బెడ్ దొరక్కపోతే ముందు చక్రాలు నేల మీద నుంచి లేపి లాగే బండైనా పిలిపించండి. హ్యాండ్ బ్రేక్ దింపడం మర్చిపోకండి, వెనక చక్రాలు రోడ్డు మీదే ఉంటాయి కదా.