చెయ్యి ఎత్తితే ఆగే మేళం
(ఒంగోలులో సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ సభలో ఇన్నాళ్లూ త్యాగరాజు గురించో, శ్యామశాస్త్రి గురించో మాట్లాడుకున్నాం. ఇద్దరి పూర్వీకులూ మన ఉమ్మడి జిల్లా వాళ్లే. ఒకరిది కాకర్ల, ఇంకొకరిది కంభం. అలాంటి వాళ్లని పక్కన పెట్టి ఎవరో అమెరికా ట్రంపెట్ ఆయన గోల మనకెందుకండీ అని కార్యదర్శి గారు ముందే అడిగారు. నవ్వుతూనే అడిగారులెండి. అడగాల్సిన ప్రశ్నే. నా జవాబు నచ్చకపోతే టీ తాగేటప్పుడు తిట్టొచ్చు.

నేను చెప్పబోయేది ఒక లైవ్ రికార్డు గురించి. పేరు 'అగార్తా'. 1975 ఫిబ్రవరి 1న జపాన్‌లోని ఒసాకా నగరంలో, ఫెస్టివల్ హాల్లో అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందం మధ్యాహ్నం చేసిన కచేరీ అది. అదే రోజు సాయంత్రం అదే హాల్లో మళ్లీ వాయించారు. సాయంత్రం కచేరీ 'పాంజియా' అనే పేరుతో విడిగా వచ్చింది. రెండూ రెండేసి ఎల్పీల, అంటే పెద్ద గ్రామఫోను ప్లేట్ల, ఆల్బములు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చిన జనం ముందు గంటన్నర పైన వాయించి, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం ఇంకో సభ ముందు మళ్లీ అంతసేపు వాయించడం మామూలు సంగతి కాదు. పైగా నాయకుడి ఒంట్లో బాగా లేదు. మైల్స్ డేవిస్‌కి అప్పటికి 48 ఏళ్లు. తుంటి కీలు నొప్పి, ఊపిరితిత్తుల బాధ. ఆ ఏడాదే ఆయన కచేరీలు మానేశారు. మళ్లీ జనం ముందుకు రావడానికి ఐదారేళ్లు పట్టింది.

వేదిక మీద ఏడుగురు. మైల్స్‌ది ట్రంపెట్, మధ్యమధ్యలో ఆర్గన్. సోనీ ఫార్చూన్‌ది శాక్సఫోన్, ఫ్లూట్. పీట్ కోసీ, రెజీ లూకస్ ఇద్దరివీ ఎలక్ట్రిక్ గిటార్లు. మైకేల్ హెండర్సన్‌ది కింది స్వరాలు పలికే బేస్ గిటార్, ఆల్ ఫాస్టర్ డ్రమ్స్, ఎమ్‌టూమే కాంగాలు, ఇతర తాళవాద్యాలు. ముందుగా అనుకున్నది చాలా తక్కువ. కొన్ని బేస్ వరసలు, చిన్న చిన్న పల్లవుల్లాంటి ముక్కలు, అంతే. మిగతాదంతా అప్పటికప్పుడు పుట్టిందే.

మనకి ఇందులో వింతేముంది? ఆలాపన అప్పటికప్పుడు పుట్టేదే, కల్పనా స్వరాలు అప్పటికప్పుడు వేసేవే. మనోధర్మం అనే మాట మనకి ఎవరో నేర్పాల్సిన పని లేదు. ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా గారు నాదస్వరం పట్టుకుని తోడి ఎత్తుకుంటే ఆ రాగం ఎటు తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో ఆయనకే తెలియాలి. శ్రీరంగంలో స్థిరపడినా కరవది పేరు దేశమంతా మోసిన మనిషి. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ఆ సంప్రదాయం విన్న చెవులు మనవి.

అయితే ఒక తేడా ఉంది, అదే నన్ను ఈ రికార్డు దగ్గర కట్టిపడేసింది. తోడి ఎత్తుకోగానే మొదటి పట్టులోనే ముందు వరసలో కూర్చున్న పెద్దాయన తల ఊపుతాడు. రాగం ఆయనకి ముందే తెలుసు. విద్వాంసుడు ఏం చేసినా ఆ తెలిసిన ఇంట్లోనే చేస్తాడు. విన్నవాడికి సగం ఆనందం గుర్తుపట్టడంలోనే ఉంది. ఒసాకా జనానికి అలా గుర్తుపట్టడానికి ఏమీ లేదు. రాగం లేదు, సాహిత్యం లేదు. ఫలానా చోట సమం వస్తుందని తొడ మీద వేళ్లు లెక్కపెట్టుకునే వీలు కూడా చాలాచోట్ల లేదు. మరి ఏం విన్నారు?

జాజ్ సంగీతం ఈ స్థితికి ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్తాను. పాత జాజ్‌లో ఒక పాట ఉంటుంది, ఆ పాట కింద కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తులు, ఒక వరసలో ఉంటాయి. వరస పూర్తయితే మళ్లీ మొదటికి. సోలో, అంటే ఒక్కడే ముందుకొచ్చి, వాయించేవాడు ఆ చక్రం మీదే తిరగాలి. మన ఆవర్తనంలో తిరిగినట్టేననుకోండి. 1960 డిసెంబరు 21న న్యూయార్క్‌లో ఆర్నెట్ కోల్మన్ అనే శాక్సఫోన్ విద్వాంసుడు ఆ చక్రాన్ని తీసి పక్కన పెట్టారు. ఎనిమిది మందిని రెండు జట్లు చేసి, స్టీరియోలో ఎడమ స్పీకర్లో ఒక జట్టు, కుడి స్పీకర్లో ఒక జట్టు వినపడేలా స్టూడియోలో 37 నిమిషాలు ఏకబిగిన వాయింపించారు. ఆ ఆల్బం పేరు 'ఫ్రీ జాజ్'. తరవాత ఆ పద్ధతికే అది పేరైపోయింది.

ఫ్రీ అన్నారు కదా అని చాలామంది ఎవరికి తోచింది వాళ్లు వాయించడమనుకున్నారు. అలా వాయించినవాళ్లూ లేకపోలేదు. వాళ్ల రికార్డులు కొన్ని నా దగ్గరా ఉన్నాయి, దుమ్ము దులపడానికి తప్ప తియ్యను. నిజానికి చక్రం తీసేస్తే పని పెరుగుతుంది. చక్రం ఉన్నప్పుడు పక్కవాడు ఎక్కడున్నాడో లెక్క చెప్తుంది. లేనప్పుడు చెవి చెప్పాలి. వాడు ఊపిరి తీసుకున్నాడా, ఆపబోతున్నాడా, నాకు చోటిస్తున్నాడా అని క్షణక్షణం వింటూ ఉండాలి.

దీనికి రాక్ వాళ్ల కరెంటు తోడయ్యింది. నాదస్వరం ఎంత గట్టిదైనా ఊదేవాడి ఊపిరితో దానికి హద్దు ఉంది. ఎలక్ట్రిక్ గిటార్‌కి ఆ హద్దు లేదు. యాంప్లిఫయర్ పెంచి గిటార్‌ని దాని దగ్గరికి తీసుకెళితే తీగ మీటకపోయినా అదే మోగుతుంది, మోగి మోగి అరుస్తుంది. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. మైకు స్పీకరు దగ్గరికి పోతే మన సభల్లో కుయ్‌మంటుందే, అదే. మనం చెవులు మూసుకుని మైకు ఆయన్ని కేకలేస్తాం. వీళ్లు దాన్ని స్వరంగా వాడుకున్నారు. దాంతో చిక్కు ఇంకా పెరిగింది. ఒక్కడు నాబ్ తిప్పితే మిగతా ఆరుగురూ మునిగిపోతారు. అంత శబ్దంలో ఒకరినొకరు వినడమెట్లా?

మైల్స్ డేవిస్ చెయ్యి పనికొచ్చేది ఇక్కడే. ఆయన చాలాసార్లు జనానికి వీపు పెట్టి నిలబడేవారు. పొగరు అన్నారు అప్పట్లో. ఎదురుగా ఉన్నది బృందం. ఆయన చూడాల్సింది వాళ్లని. చేత్తోనో, తలతోనో ఒక సైగ చేస్తే హోరుమంటున్న మేళం టక్కున ఆగిపోతుంది. సోలో వాయిస్తున్న ఒక్కడే మిగులుతాడు. కాసేపటికి మళ్లీ సైగ. అందరూ ఒకేసారి అందుకుంటారు.

మన పెళ్లిళ్లు చూసినవాళ్లకి ఈ సైగ కొత్త కాదు. సన్నాయి ఆయన హాయిగా ఒక కీర్తన చరణంలో ఉంటాడు. పురోహితుడు "గట్టిమేళం, గట్టిమేళం" అని చెయ్యి ఊపుతాడు. అంతే, చరణం గాలికి పోతుంది, పట్టిన సంగతి సగంలో తెగుతుంది, డోలు ఒక్క ఊపున విరుచుకుపడుతుంది. అయ్యో మంచి సంగతి పోయిందే అని ఆయన బాధపడడు, ముహూర్తం ముఖ్యం. ఒసాకాలో జరిగింది దీనికి తలకిందులు. పెళ్లిలో సైగ పడితే అందరూ గట్టిగా అందుకుంటారు, ఎవరు ఎక్కడున్నారో ఇక ఎవరికీ వినపడదు. ఒసాకాలో సైగ పడితే ఆరుగురు ఆగుతారు, ఒక్కడు బట్టబయలు అవుతాడు. ఇందాకటి దాకా డ్రమ్స్ మాటున ఏదో లాక్కొచ్చినవాడు, ఇప్పుడు పట్టపగలు నడివీధిలో నిలబడ్డట్టే. చేతిలో సరుకుందో లేదో అందరికీ తెలిసిపోతుంది.

పీట్ కోసీకి సరుకుంది. ఆయన చికాగో మనిషి. 1965లో అక్కడి నల్లజాతి సంగీతకారులు ఏఏసీఎం అనే సంఘం పెట్టుకున్నారు. తమ సంగీతం తామే రాసుకోవాలి, తమ కచేరీలు తామే పెట్టుకోవాలి అనే పట్టుదల వాళ్లది. కోసీ అందులో సభ్యుడు. మైల్స్ దగ్గర చేరక ముందు స్టూడియోల్లో కూలికి గిటార్ వాయించేవాడు. ఒసాకాలో ఆయన కుర్చీలో కూర్చుని వాయించాడు. పక్కన బల్ల, దాని మీద గంటలు, చిన్న చిన్న తాళవాద్యాలు, ఒక సింథసైజర్. గిటార్ తీగల శ్రుతిని మామూలుగా అందరూ కట్టేట్టు కట్టడు, తన ఇష్టానికి మార్చేస్తాడు. అందుకే ఆయన పట్టే స్వరాలు గిటార్ తెలిసినవాళ్లకి కూడా ఎక్కడ వేలు పెట్టాడో అంతుపట్టవు. ఈ రికార్డు ఒక్కటే విని ఈ మనిషి ఇంకేం వాయించాడో అని వెతికితే దొరికేవి బహు తక్కువ. అది నాకున్న పెద్ద కొరత.

ఇంత హోరులో విన్నవాడు దేన్ని పట్టుకోవాలి? బేస్‌ని పట్టుకోండి. హెండర్సన్ ఒక చిన్న వరస తీసుకుని దాన్నే తిప్పి తిప్పి, నిమిషాల తరబడి వాయిస్తాడు. మనకి శ్రుతి పెట్టె ఒకటి, తాళం ఒకటి విడివిడిగా చేసే పనిని ఈ ఒక్కడే చేస్తున్నాడు. ఇరవై ఏళ్లు నిండకముందే మైల్స్ దగ్గర చేరాడు. అతను వరస మార్చాడంటే అక్కడ ప్రకరణం మారిందని అర్థం. మీరు దారి తప్పితే ఆ మూడు నాలుగు స్వరాల దగ్గరికి రండి, మళ్లీ దొరుకుతారు.

ట్రంపెట్ కోసం మాత్రం మరీ ఎదురుచూడకండి. పేరు ఆయనదే, వినపడేది తక్కువ. పైగా ట్రంపెట్‌కి వా-వా పెడల్ తగిలించారు, గిటార్ వాళ్లు కాలితో తొక్కేదే. దాంతో అది ట్రంపెట్టో గిటారో ఒక్కోచోట తెలియదు. కొద్దిగా ఊదుతారు, ఆపేస్తారు, ఆర్గన్ మీద కొన్ని కీలు గుత్తిగా నొక్కి పెడతారు. ఆ నొక్కుడు కూడా బృందానికి ఒక సూచనే.

ఆగడం గురించి అన్నాను కాబట్టి రాక్ వైపు నుంచి ఒక ముచ్చట. ఇంగ్లండులో కింగ్ క్రిమ్సన్ అనే బృందం ఉండేది. 1973 నవంబరు 23న ఆమ్‌స్టర్‌డామ్‌లో కచేరీ చేస్తూ అప్పటికప్పుడు ఒక మెల్లని సంగీతం ఎత్తుకున్నారు. వయొలిన్, మెలోట్రాన్ అనే కీబోర్డు, బేస్. డ్రమ్స్ ఆయన బిల్ బ్రూఫర్డ్ పుల్లలు గుండెల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు కొడదామా, ఇంకాసేపు ఆగుదామా అని చూసి చూసి, చివరికి ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. 1974లో దాన్ని 'ట్రియో' పేరుతో ఆల్బంలో వేశారు. పేరుకే ముగ్గురు. కర్తల పేర్లలో బ్రూఫర్డ్ పేరు కూడా చేర్చారు, అంత నిగ్రహం చూపినందుకు. వాయించనందుకు రాయల్టీ! మన డోలు విద్వాంసులకి చెప్పి చూడండి, నమ్మరు. అదే ఆల్బంలో చాలా భాగం కచేరీల్లో రికార్డు చేసిందే. చప్పట్లు కత్తిరించేశారు కాబట్టి స్టూడియోలో చేసిందనుకుంటారు. నాకైతే ఆ చప్పట్లు ఉంచాల్సిందనిపిస్తుంది. ఎదురుగా మనుషులున్నారు కాబట్టే కదా ఆయన అంతసేపు చేతులు కట్టుకుని కూర్చోవడం టెన్షన్ పెట్టింది.

అసలు ఇలాంటి సంగీతాన్ని రికార్డు చెయ్యడమే ఒక పేచీ. ఒక్కసారి జరిగిపోయేదాన్ని వందసార్లు వినేలా చేస్తే, పదోసారికి మీకు ప్రతి మలుపూ కంఠతా వచ్చేస్తుంది. అప్పటికప్పుడు పుట్టిందన్న మాటకి ఇక అర్థమేముంది అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో కొంత నిజముంది. మనకీ 78 ఆర్‌పీఎం ప్లేట్ల కాలంలో ఇదే గొడవ. రెండు గంటల ఆలాపన చెయ్యగల విద్వాంసుడు ప్లేటు ఒక్కో పక్కకి మూడు మూడున్నర నిమిషాల్లో రాగం ముగించాల్సి వచ్చింది. ఎల్పీ వచ్చాక పక్కకి ఇరవై నిమిషాల పైన దొరికింది, అయినా చాలలేదు. 'అగార్తా'లో మొదటి భాగం 'ప్రెల్యూడ్' అరగంట పైన ఉంటుంది. ఎల్పీ మీద దాన్ని మధ్యలో తెంచి, ప్లేటు తిప్పి పెట్టుకోమన్నారు. సీడీలో ఆ అతుకు పోయింది. సీడీలో వినండి.

ఇంకో సంగతి కూడా ఉంది. 1970 ప్రాంతపు మైల్స్ స్టూడియో ఆల్బముల్లో నిర్మాత టియో మసేరో టేపుని బ్లేడుతో కోసి, ముక్కలు అటూ ఇటూ అతికించి సంగీతం తయారుచేశారు. గొప్ప పనే, కాదనను. కానీ అందులో ఎవరు ఎవరికి చోటిచ్చారో మీకు తెలియదు, బ్లేడు ఇచ్చిన చోటది. లైవ్ రికార్డులో ఆ చోటు మనిషే ఇవ్వాలి. వందోసారి విన్నా నాకు బోరు కొట్టనిది ఆ ఇచ్చిపుచ్చుకోవడమే.

అంతా బాగుందని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. వచ్చిన కొత్తలో అమెరికాలో చాలామంది విమర్శకులు దీన్ని ఏకిపారేశారు. వాళ్లు పూర్తిగా తప్పనీ అనలేను. కొన్నిచోట్ల ఏడుగురూ దారి వెతుక్కుంటూ ఊరికే తచ్చాడతారు. సాయంత్రం కచేరీ 'పాంజియా'లో నాకు అలసట బాగా వినపడుతుంది. దాన్నే గొప్పదనే స్నేహితుడు నాకున్నాడు, మా ఇద్దరికీ ఇది తెగే తగాదా కాదు.

ఇప్పుడు మీకు మొదటి నుంచి పెట్టను. మొదటి భాగం హోరుకి సగం మంది లేచిపోతారని నాకు తెలుసు. రెండో ప్లేటు దాకా కూడా వెళ్లొద్దు. 'మైషా' అనే భాగం పెడతాను. అందులో సోనీ ఫార్చూన్ ఫ్లూట్ ఉంది, పట్టుకోవడానికి ఒక మెత్తని వరస ఉంది. కాసేపటికి గిటార్లు దాని మీదికి వచ్చి పడతాయి. పడ్డప్పుడు ఫ్లూట్ వరసకి ఏమైందో వినండి, బేస్ ఏం చేస్తుందో వినండి. అయ్యాక ఎవరికి ఎక్కడ విసుగొచ్చిందో చెప్పండి, అక్కడే మళ్లీ పెట్టుకుందాం.

సౌండు మాత్రం పెంచక తప్పదు. ఎల్పీ కవరు మీదే వీలైనంత గట్టిగా పెట్టుకుని వినమని అచ్చు వేశారు. పక్కింటివాళ్లు వస్తే కార్యదర్శి గారిని ముందుకి పంపిద్దాం. బాబూ, ఆ ఫ్యాను ఆపి స్పీకరు ఇటు తిప్పు.