కుర్ర బీగిల్‌కు కాళ్ళకంటే ముందు ముక్కుకు పని చెప్పండి

నమస్కారం. ఇదిగో, ఇది జున్ను. పదకొండు నెలల ఆడ కుక్క, బీగిల్ జాతి. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు, అయినా ఇల్లంతా ఒక చుట్టు చుట్టేసి చెప్పుల స్టాండు దగ్గర నిలబడింది. బీగిల్‌ను పెంచేవాళ్ళందరికీ ఈ నిలబడటం తెలుసు. "రోజూ గంటసేపు నడిపిస్తున్నాం, అయినా అలసిపోదు. ఇంటికి రాగానే సోఫా కొరుకుతుంది, పక్కింటివాళ్ళు లేచేలా ఊళ పెడుతుంది, ఏం చేయాలి?" అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబు ఈరోజు మాటల్లో చెప్పి ఊరుకోను, చేసి చూపిస్తాను.

బీగిల్ జాతిని ఇంగ్లండ్‌లో కుందేళ్ళ వేట కోసం తీర్చిదిద్దారు. గుంపుగా కదులుతూ, నేలమీద వాసన పట్టుకుని గంటల తరబడి జాడ వదలకుండా వెళ్ళడం దాని రక్తంలోనే ఉంది. మనిషి ముక్కులో వాసనను గుర్తించే గ్రాహకాలు 50, 60 లక్షలు ఉంటాయంటారు. బీగిల్‌కు 20 కోట్ల పైమాటే. ప్రయాణికుల సామాన్లలో పండ్లు, మాంసం దాగి ఉంటే పసిగట్టడానికి అమెరికా వ్యవసాయ శాఖ 1984లో లాస్ ఏంజెలిస్ విమానాశ్రయంలో బీగిల్స్‌నే పనిలో పెట్టింది. అంతటి ముక్కున్న కుక్కకు మెడ బెల్టు బిగించి, తల దించనివ్వకుండా కాలనీ రోడ్డు మీద నాలుగు చుట్లు తిప్పితే కాళ్ళు మాత్రమే కదులుతాయి. ముక్కుకు పని దొరకదు. మిగిలిపోయిన ఆ ఉత్సాహమంతా సోఫా మీద తీర్చుకుంటుంది. అందుకే నా మాట ఒక్కటే: కుర్ర బీగిల్‌కు వ్యాయామం అంటే ముందు వాసన పని, ఆ తర్వాతే పరుగు.

ముందు సామాన్లు చూడండి. ఛాతీ దగ్గర ఆంగ్ల అక్షరం 'వై' ఆకారంలో ఉండే హార్నెస్, అంటే మెడకు కాకుండా ఒంటికి తొడిగే పట్టీల కూర్పు ఒకటి. దీన్ని వేశాక భుజాలు స్వేచ్ఛగా కదలాలి, పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. రెండోది పొడవాటి తాడు, ఐదు నుంచి పది మీటర్లది. దీన్ని ఎప్పుడూ హార్నెస్ వీపు కొక్కేనికే తగిలించండి. మెడ బెల్టుకు తగిలిస్తే, కుక్క ఒక్కసారిగా పరుగు తీసి తాడు చివరికి వచ్చినప్పుడు ఆ కుదుపంతా మెడ మీద పడుతుంది. తాడును మీ చేతికి చుట్టుకోవద్దు, మడతలుగా పట్టుకోండి.

ఇప్పుడు అసలు ఆట. పాత సాక్సు ఒకటి తీసుకుని అందులో ఉప్పు, కారం, ఉల్లిపాయ ఏమీ లేకుండా ఉడికించిన కోడి కార్జం ముక్కలు వేశాను. మూతి దారంతో కట్టాను. జున్నును తమ్ముడు గేటు లోపల పట్టుకున్నాడు, అది నన్ను చూడకూడదు. మొదలుపెట్టేచోట ఒక పుల్ల గుచ్చుతున్నాను, జాడ ఎక్కడ మొదలైందో నాకు గుర్తుండటానికి. ఇక్కడ సాక్సును గడ్డి మీద బాగా రుద్ది, నేలకు ఆనించి ఈడ్చుకుంటూ తిన్నగా ఇరవై అడుగులు వేస్తున్నాను. చివర ఈ స్టీలు మూత పెట్టి, అందులో నాలుగు ముక్కలు వేస్తాను. నా అడుగుల వాసనతో గందరగోళం కాకుండా తిరిగి వచ్చేటప్పుడు దూరంగా చుట్టు తిరిగి వస్తాను. నాలుగైదు నిమిషాలు ఆగుదాం.

(జున్నును పుల్ల దగ్గరకు తీసుకొస్తారు.)

"జున్నూ, వెతుకు." ఒక్కసారే చెప్పాలి. ఆ తర్వాత నోరు మెదపకూడదు. ఇప్పుడు ముక్కు దగ్గరే చూడండి. పైనుంచి చూస్తే ఊరికే నడుస్తున్నట్టు ఉంటుంది. చెవి పెట్టి వింటే బుస్ బుస్‌మని పొట్టి పొట్టి శ్వాసలు వినిపిస్తాయి. ఆ చెవులు చూడండి, రెండూ గడ్డిని ఊడుస్తున్నాయి. తోక నిలువుగా లేచింది, చివర తెల్లటి కుచ్చు చకచకా ఊగుతోంది. పొడవాటి గడ్డిలో వేటగాళ్ళకు కుక్క ఎక్కడుందో చెప్పేది ఆ తెల్ల కుచ్చే. ఇదిగో, ఇక్కడ జాడ తప్పింది. తల ఎత్తింది, ఆగింది, కుడివైపు ఒక అర్ధచంద్రం తిరిగింది. ఈ క్షణంలో మనకు చేయి చాపి "అదిగో అక్కడ" అని చూపించాలనిపిస్తుంది. వద్దు! తనంతట తాను దారి కనుక్కోవడమే దానికి వ్యాయామం. చూశారా, మళ్ళీ అందుకుంది, తోక వేగం పెరిగింది. మూత దొరికింది. ఇప్పుడు మెచ్చుకోండి, మనసారా మెచ్చుకోండి.

ఇది తేలిక మెట్టు. అలవాటు అయ్యాక జాడలో ఒక మలుపు పెట్టండి, తర్వాత రెండు. జాడ వేసి పావుగంట, అరగంట ఆగి మొదలుపెట్టండి. మంచు పడిన ఉదయపు గడ్డి మీద వాసన నిలుస్తుంది. ఎండెక్కాక త్వరగా ఆవిరైపోతుంది కాబట్టి మధ్యాహ్నం అదే జాడ ఎంతో కష్టం. వాన రోజున బయటికి వెళ్ళలేకపోతే పాత తువ్వాలులో కుక్కల కోసం అమ్మే పొడి గింజల ఆహారం చల్లి చుట్టగా చుట్టి ఇచ్చినా సరే, పది నిమిషాలు తలమునకలై ఉంటుంది.

బంతి విసిరి తెమ్మనే ఆట కొన్ని బీగిల్స్‌కు నచ్చుతుంది, చాలావాటికి నచ్చదు. నచ్చకపోతే బలవంతం చేయకండి, అది లాబ్రడార్లకు వదిలేయండి. ఎజిలిటీ, అంటే వరుసగా పెట్టిన అడ్డంకులు దాటుతూ వెళ్ళే ఆట, మాత్రం బీగిల్‌కు చక్కగా సరిపోతుంది. రెండు ఇటుకల మీద చీపురు కర్ర పెట్టి దాటించడం, నాలుగు ప్లాస్టిక్ కుర్చీల మధ్య మెలికలు తిరుగుతూ నడిపించడం, అట్టపెట్టె సొరంగంలోంచి రప్పించడం, వీటితో ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. అయితే ఏడాది లోపు కుక్కకు కర్రను నేలకు దగ్గరగానే ఉంచండి. ఎదుగుతున్న ఎముకల చివర్లు ఇంకా గట్టిపడి ఉండవు. ఎత్తు దూకుళ్ళు, సైకిల్ వెంట పరుగు, పదేపదే మెట్లు ఎక్కించి దించడం అన్నీ తర్వాతే. అమెరికన్ కెన్నెల్ క్లబ్ తన ఎజిలిటీ పోటీల్లోకి 15 నెలలు నిండని కుక్కను రానివ్వదు. ఎత్తు దూకుళ్ళ విషయంలో ఆ వయసు నియమాన్ని మనమూ ఇంట్లో పాటిస్తే మంచిది.

ఇక తాడు విప్పి వదలడం గురించి. కంచె లేని చోట బీగిల్‌ను విప్పకండి. దానికి మీ మీద ప్రేమ లేక కాదు, ముక్కుకు జాడ తగిలాక చెవికి పిలుపు ఎక్కదు, అంతే. తల నేలమీద ఉన్నప్పుడు పదిసార్లు పిలిస్తే మీ పిలుపు విలువే పోతుంది. తల ఎత్తే క్షణం కోసం చూసి, అప్పుడు ఒక్కసారి ఈల వేసి, వచ్చాక కార్జం ముక్క పెట్టండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో ప్రారంభించిన కుక్కల పార్కు ఉంది. కంచె లోపల విడిచిపెట్టవచ్చు. వెళ్ళేముందు రేబిస్‌తో సహా టీకాలన్నీ పూర్తయ్యాయో లేదో చూసుకోండి. విశాఖ బీచ్‌కు తీసుకెళ్తే సముద్రపు నీళ్ళు తాగనివ్వకండి, మంచినీళ్ళు వెంట పెట్టుకోండి, తిరిగి వచ్చాక ఒళ్ళంతా కడగండి.

మన ఎండల గురించి ఒక్క మాట. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు పైకి రాకముందే షికారు ముగించాలి. ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, చిగుళ్ళు ఎర్రబారడం, తూలడం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, మామూలు నీళ్ళతో ఒళ్ళు తడిపి, గాలి తగిలేలా చేసి, పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి. ఆగి ఉన్న కారులో ఐదు నిమిషాలు కూడా వదిలివెళ్ళవద్దు.

బీగిల్ ఎంత పెట్టినా తింటుంది, ఆ చూపుకు కరగని మనిషి ఉండడు. కాబట్టి ఆటలో ఇచ్చే ముక్కలన్నీ ఆ రోజు ఆహారం లెక్కలోంచి తీసేయండి. బిస్కెట్లు, మిగిలిపోయిన పెరుగన్నం కూడా లెక్కే. పక్కటెముకల మీద వేళ్ళు ఆనించి చూడండి. నొక్కకుండానే ఎముకలు చేతికి తెలియాలి. తెలియకపోతే గిన్నెలో తగ్గించండి.

ఇంటికి వచ్చాక పడుకోనివ్వడానికి ముందు రెండు నిమిషాలు దానితో కూర్చోండి. కాలివేళ్ళ మధ్య, చెవుల అంచుల్లో, చంకల్లో పిడుదులు వెతకండి. కుక్కలకు ప్రాణాంతకమైన జ్వరాలు వాటివల్లే వస్తాయి. తర్వాత ఈ వేలాడే చెవులు పైకెత్తి చూడండి. గాలి ఆడదు కాబట్టి తడి లోపలే నిలిచిపోతుంది. పొడి గుడ్డతో కనిపించేంతవరకే తుడవండి. దుర్వాసన, గోధుమరంగు గులిమి, తల విదిలించడం కనిపిస్తే వైద్యుడికి చూపించండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఎంత చెప్పినా సరే, కొబ్బరి నూనె మాత్రం చెవిలో పోయకండి.