యూహెచ్‌సీ ఫిల్టర్ రివ్యూ: బెజవాడ వెలుతురులో రోజెట్ నెబ్యులా దొరుకుతుందా?

నమస్తే అండి. ఈ 1.25 అంగుళాల యూహెచ్‌సీ (అల్ట్రా హై కాంట్రాస్ట్) ఫిల్టర్‌ను కంపెనీ వాళ్లు రివ్యూకి ఉచితంగా పంపారు. టెలిస్కోప్‌లో మనం కన్ను పెట్టి చూసే కటకానికి, అంటే ఐపీస్‌కి, దీన్ని బిగిస్తాం. 486 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి హైడ్రోజన్ గీతనీ (ఆ వాయువు వెలిగే ఒక్క రంగు), 496, 501 దగ్గరున్న ఆక్సిజన్ గీతల్నీ లోపలికి రానిచ్చి, మిగతా వెలుతురు చాలావరకు ఆపేస్తుంది. రోజెట్, ఒరాయన్ లాంటి ఎమిషన్ నెబ్యులాలు (సొంతంగా వెలిగే వాయు మేఘాలు) గట్టిగా వెలిగేది ఇలాంటి గీతల్లోనే. ఆండ్రోమెడా గెలాక్సీకి పనికిరాదు, అది అన్ని రంగుల్లోనూ వెలుగుతుంది.

పాత సోడియం దీపాల వెలుగు ఎక్కువగా 589 చుట్టుపక్కలే ఉండేది, సులువుగా ఆగిపోయేది. తెల్ల ఎల్‌ఈడీ వెలుగు 500 దగ్గర కూడా ఉంటుంది, కొంత దూరి వస్తుంది. కాబట్టి బెంజ్ సర్కిల్ డాబాల మీద ఒరాయన్ నెబ్యులా వరకే ఆశపడండి. రోజెట్ కావాలంటే కొండవీడు దిగువ పొలాల వైపు వెళ్లండి. గుంటూరు, బెజవాడ వెలుగు అక్కడ తూర్పునే ఉంటుంది.

ఇక నాకు ఒళ్లు మండిన విషయం. ఈ ఫిల్టర్ అద్దంలా మెరుస్తుంది. మన వెనకున్న దీపం వెలుగు ఐపీస్‌లోకి పడి, ఫిల్టర్‌కి తగిలి, తిరిగి మన కంట్లోకే వస్తుంది. నల్లబడాల్సిన ఆకాశం బూడిద రంగులో కనిపిస్తుంది. ఆ పూత తీరే అంత: ఆపిన వెలుతురును పీల్చుకోదు, వెనక్కి కొడుతుంది. ఖరీదైనవాటికీ ఇదే గోల. ఆ మాట ఒక్క కాగితం ముక్క మీద రాసి పెట్టెలో పెట్టొచ్చు కదా! కొత్తవాళ్లు ఇక్కడే విసిగిపోయి ఫిల్టర్ తీసి పక్కన పడేస్తారు.

నల్ల కాటన్ గుడ్డ రెండు పొరలుగా తల మీంచి ఐపీస్ దాకా కప్పుకోండి. ఊపిరి కిందికి వదలండి, లేకపోతే ఐపీస్ మీద ఆవిరి పడుతుంది. కృష్ణ ఒడ్డున జనవరి మంచులో మరీను. ఆవిరిని గుడ్డతో రుద్దకండి, బ్లోయర్‌తో ఆరబెట్టండి.

6 అంగుళాల ఎఫ్/8 (ఫోకల్ దూరం అద్దం వెడల్పుకి 8 రెట్లు) డాబ్సోనియన్ టెలిస్కోప్‌కి 32 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టండి. కంట్లోకి వచ్చే కాంతి పుంజం 4 మిల్లీమీటర్లు ఉంటుంది. 10 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే అది 1.25 మిల్లీమీటర్లకి పడిపోతుంది, మసకబారి నెబ్యులా మాయం. ఫిల్టర్ బిగించేటప్పుడు ముందు ఎడమకి తిప్పండి, మర గాడిలో పడ్డాక కుడికి.

ఫిబ్రవరి మధ్యలో రాత్రి 9కి రోజెట్ దాదాపు నడినెత్తికి వస్తుంది. ఆర్ద్ర నక్షత్రం (బెటెల్‌గ్యూస్) నుంచి తూర్పుగా, చాపిన చేతి పిడికిలంత దూరం. ముందు ఫిల్టర్ లేకుండా రోజెట్ మధ్యలో ఉండే ఎన్‌జీసీ 2244 నక్షత్రగుచ్ఛం పట్టుకోండి. అరగంట చీకటిలో ఉండి, ఫిల్టర్‌ని కంటికీ ఐపీస్‌కీ మధ్య అడ్డుపెట్టి తీస్తూ చూడండి. పెట్టినప్పుడు గుచ్ఛం చుట్టూ బూడిద వలయం తేలుతుంది, చూపు కాస్త పక్కకి పెడితే ఇంకా బాగా. ఫోటోల్లోని ఎరుపు రాదు. ఆ 656 నానోమీటర్ల కాంతి చీకట్లో మన కంటికి దాదాపు ఆనదు.

ఆ వలయం కోసమే, అద్దం గోల ఉన్నా, కొనమంటాను. ఏప్రిల్ మధ్యలో రాత్రి 9 దాటాక ఇదే ఫిల్టర్‌తో కరీనా నెబ్యులా చూడండి. ఇక్కడ అది 14 డిగ్రీల ఎత్తుకే వస్తుంది, దక్షిణాన దీపాలూ చెట్లూ లేని చోటు వెతుక్కోండి.